గాలికాపరి ఈలతాడు

నీలకోన రాజ్యానికి వచ్చిన కష్టం వింటే ముందు మీకు నవ్వొస్తుంది. నవ్వండి, తప్పులేదు. ఆ దేశంవాళ్ళు కూడా మొదటిరోజు నవ్వారు. ఆ ఉదయం నుంచి అక్కడ ఏ ముడీ నిలవకుండా పోయింది. ఎంత బిగించి కట్టినా, చెయ్యి తీయగానే మెత్తగా జారిపోయేది. ఆవులు పలుపులు విడిపించుకుని చేలో పడ్డాయి. మూటలు విప్పుకుని శనగలు వీధుల వెంట దొర్లాయి. కొలువులో మహామంత్రి ఒక చేత్తో పంచె పట్టుకుని రెండో చేత్తో రాజుగారికి సగం నమస్కారం పెట్టాడు. ఆయనను ఎవరూ తప్పుపట్టలేదు, ఎందుకంటే రాజుగారి చెయ్యి కూడా ఖాళీగా లేదు.

రెండోరోజుకు నవ్వు ఆగిపోయింది. పెళ్ళిపీటల మీద మూడు ముళ్ళూ ఒకదాని వెంట ఒకటి జారి తాళిబొట్టు పెళ్ళికూతురి ఒళ్ళో పడితే, పురోహితులు ముహూర్తాలు పెట్టడం మానుకున్నారు. ఉయ్యాల తాళ్ళను నమ్మలేక తల్లులు పిల్లల్ని చంకనేసుకునే వంటలు చేశారు.

ఇదంతా ఒక్క తాడు తెచ్చిపెట్టిన చిక్కు. ఆ దేశానికి ఉత్తరాన సుడిగట్టు అనే కొండ మీద కొండంత మనిషి ఒకడు ఉండేవాడు. మనం మేకల్ని కాచినట్టు ఆయన గాలుల్ని కాచేవాడు. మెడలో వేలాడే ఎముక ఈల ఊది పొద్దున్నే వాటిని మేతకు తోలేవాడు, సాయంత్రం మళ్ళీ గుహకు మళ్ళించేవాడు. నీలకోన రాజు వీరధవళుడు ఆ ఈలకోసం జరీకుచ్చుల పట్టుతాడు ఒకటి కానుకగా పంపాడు. చూపుకు బాగుంది, ముడి మాత్రం వదులు. గాలికాపరి నీళ్ళు తాగడానికి వాగు మీదికి వంగగానే ముడి జారి ఈల లోయలో పడింది. ఆయన మోకాళ్ళ మీద పాకి దాన్ని వెతికి తెచ్చుకునేలోగా గాలులన్నీ చెల్లాచెదురైపోయాయి. "మీ ముడి నన్ను నమ్మించి ముంచింది. ఇక మీ దేశంలో ఏ ముడీ నిలవకుండుగాక!" అని శపించి, ఈలను గుప్పిట్లో బిగించి కూర్చున్నాడు. మళ్ళీ జారిపోతుందన్న భయంతో ఆ గుప్పిట తెరవడం లేదు. పిలిచేవాడు లేక గాలులు నిద్రలో నడిచేవాళ్ళలా దేశమంతా తిరుగుతున్నాయి.

ఆ దేశంలో పెనుమడుగు అనే పెద్ద సరస్సు ఉంది. దాని ఒడ్డున పడవ నడిపే సూరప్పడికి పైడి ఒక్కతే కూతురు. ఆ పిల్లకు ఒక సరదా ఉండేది. ఇంటిపని కాగానే జీనులు కుట్టే కొండాలమ్మ దగ్గరికి పరుగెత్తేది. తంగేడు చెక్క నీళ్ళలో ఊరి పదునెక్కిన తోలు ముక్కలు ఏరుకుని, సన్నని పాయలుగా కోసి, తాళ్ళు అల్లేది. తాళంచెవికి ఒకటి, మేకపిల్ల గంటకు ఒకటి. "పడవోళ్ళ గుంటకి తోలు అల్లికెందుకే?" అని ఇరుగుపొరుగు వెక్కిరిస్తే, "ఏటో పిన్నీ, సేతులకి బాగుంతాది" అనేది. అంతకన్నా మంచి కారణం నాకూ తెలియదు.

ముడులు విడిపోయిన ఆ ఉదయం సూరప్పడు పడవలో కునుకు తీస్తున్నాడు. ఒడ్డుకు కట్టిన మోకు జారింది. పడవ అంచుకు కట్టిన తెడ్లు జారి నీళ్ళపాలయ్యాయి. కళ్ళు తెరిచేసరికి మడుగు నడిమధ్య ఉన్నాడు. మిగతా పడవలూ అలాగే కొట్టుకుపోయాయి. తెప్ప కట్టబోతే దుంగకు దుంగ విడిపోయింది. దారి తప్పిన గాలులు సూరప్పడి పడవను అటు కాసేపు, ఇటు కాసేపు నెడుతూ మెల్లగా తూర్పు అంచుకు తీసుకుపోతున్నాయి. తూర్పున ఆ మడుగు నీరంతా తెల్లగా నురగలు కక్కుతూ అంతులేని లోయలోకి దూకుతుంది. పైడి ఒడ్డున నిలబడి "అయ్యా!" అని అరిస్తే, ఆ అరుపును కూడా గాలి ఇంకెక్కడికో పట్టుకుపోయేది.

గాలికాపరికి నచ్చే తాడు ఇచ్చినవాళ్ళకు అర్ధరాజ్యం ఇస్తానని రాజు చాటింపు వేయించాడు. వీరులు బయల్దేరారు. బంగారు గొలుసు గలగలమంటే గాలులు బెదురుతాయని గాలికాపరి విసిరికొట్టాడు. బంక పెట్టి అతికించిన తాడు మంచుకు నాని ఊడింది. వెళ్ళినవాళ్ళంతా ఆయన ఊపిరికి గాలిలో ఎగిరొచ్చి గడ్డివాముల మీద పడ్డారు. పైడికి రాజ్యం మీద ఆశ లేదు. ఆమెకు కావలసింది అయ్య. ఆయన పడవను వెనక్కి తోలే గాలిని పిలవగలిగింది ఆ ఒక్క ఈలే.

బయల్దేరబోతున్న పైడికి కొండాలమ్మ ఒక తోలు పట్టీ, తోలు కోసే రంపె, చిన్న సొరబుర్రలో ఆముదం ఇచ్చి, "తోలుని బెదిరించకే, మంచిమాట సెప్పినట్టు లాగాల. పొడుగు సూసుకో, అల్లిక పొడుగుని తినేత్తాది" అంది. పైడి తల ఊపింది గాని, మనసు మడుగు మీద ఉంది.

అడవిలో మొదటి రోజంతా పొగమంచే. దారికి అడ్డంగా బూడిదరంగు సెలయేరు ఒకటి చప్పుడు లేకుండా పారుతోంది. పైడి అందులో కాలు పెట్టగానే, "అమ్మాయీ, చూసి నడువు. నువ్వు నా తల మీద నడుస్తున్నావు" అని ఒక గొంతు వినిపించింది. అది సెలయేరు కాదు, జుట్టు! చెట్టు మొదట్లో ఒక ముని కూర్చుని ఉన్నాడు. తలమీది జటల ముడి విడిపోయి జుట్టు అడవంతా పరుచుకుంది.

"సామీ, నాను అల్లనా?" అంది పైడి. ముని సరేనన్నాడు. మూడు పాయలు చేసి సాయంత్రం దాకా అల్లింది. తీరా చెయ్యి వదలగానే కొస నుంచి మొదలుపెట్టి జడంతా విప్పుకుపోయింది. పైడికి ఏడుపొచ్చింది.

ముని నవ్వాడు. "అల్లిక తప్పు కాదు తల్లీ. కొస తెగి ఉంటే అది విప్పుకుంటుంది, కాబట్టే లోకం దానికి ముడి వేసింది. కొసలు తెగనిది ఎక్కడైనా ఉందేమో చూసుకో."

"మరి తమరి జుట్టు?"

"నాకు తొందరేముంది?"

పైడి ఊరుకోలేదు. మళ్ళీ అల్లి, ఆ కొసను మడిచి ఆయన ఆసనం కింద పెట్టి, "లేవకండి సామీ, దీనిమీదే కూకోండి" అంది. జడ నిలిచింది. లేవకుండా కూర్చోవడం మునులకు బాగా వచ్చిన పనే కదా! ఆయన ఆనందంతో కళ్ళు మూసుకుని, కొండదారి ఎటో చెయ్యెత్తి చూపించాడు.

ఆ దారి రెండు బండల మధ్య ఇరుకు సందులోకి దిగింది. సందును మూసేస్తూ ఒక పెద్ద పాము పడి ఉంది. దానికి రెండు తలలు. ఒక తల నుంచి మూడు ఒళ్ళు బయల్దేరి, అవతల రెండో తలలో కలుస్తాయి. మూడు ఒళ్ళూ మూడు దారులు పట్టడంతో పాము ఎటూ కదలలేకపోతోంది.

"నడుమ ఒళ్ళు మాట వినదు!" అంది ఒక తల.

"కుడి ఒళ్ళు ముందు పోనివ్వదు!" అంది రెండో తల.

ఆ మూడు ఒళ్ళను చూస్తుంటే పైడి వేళ్ళు ఊరుకోలేదు. "మామలూ, మీ మూడొళ్ళనీ అల్లేస్తే ఒకే దారిన పోతారు. అల్లనా?" అంది. తలలు రెండూ ఒకదాన్ని ఒకటి చూసుకుని ఊఁ అన్నాయి.

సందుకు పైవైపున్న తల దగ్గర మొదలుపెట్టి ఒక ఒంటి మీద ఒకటి వేస్తూ అల్లింది. పైన ముచ్చటగా కుదిరింది గాని, కింద మూడు ఒళ్ళూ చిక్కుపడి కింది తల తలకిందులైంది. "చచ్చాను!" అని అది కేకపెట్టింది. పైడి కంగారుపడి అంతా విప్పేసింది. మళ్ళీ అల్లింది. మళ్ళీ అదే చిక్కు. ఈసారి విప్పకుండా, చిక్కు దగ్గర కూర్చుని వేలితో తడిమి చూసింది. అద్దంలో బొమ్మలాగా, పైన అల్లిన వరసే కింద తిరగబడి పడింది! పైది మంచిదైతే కిందది మాత్రం చెడ్డదెలా అవుతుంది?

"కింది మామా, నీ తలని ఈ రెండు ఒళ్ళ నడుమ నుంచి ఇవతలకి దూర్చు."

తల దూరి వచ్చింది. "ఇంకోపాలి, ఈ సందులోంచి." అలా దూరిన కొద్దీ కింది చిక్కు పొగలా విడిపోయింది, పైన అల్లిక మాత్రం చెక్కుచెదరలేదు. కోయలేదు, కట్టలేదు, కొస అన్నదే లేదు. పాము ఒళ్ళంతా విరుచుకుని, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి తిన్నగా పాకింది. ఆ సంతోషంలో పైడిని వీపున ఎక్కించుకుని మబ్బుల్లోంచి సుడిగట్టు పైకి మోసుకుపోయింది. దాని వీపు మీదే పైడి తోలుపట్టీకి ఆముదం రాసి, రెండు కొసలూ తెగకుండా మధ్యలో మాత్రం నిలువునా రెండు గాట్లు పెట్టి మూడు పాయలు చేసింది. పాము నేర్పినట్టే, కింది కొసను పాయల నడుమ దూరుస్తూ, చిక్కు వచ్చినప్పుడల్లా భయపడకుండా అల్లుకుంటూ పోయింది. కొసకొకటి చొప్పున, గుండీ పట్టే కాజాలాంటి చిన్న రంధ్రం కోసింది.

కొండకొన మీద గాలికాపరి కూర్చుని ఉన్నాడు. కళ్ళు చింతనిప్పులు. నిద్రపోతే గుప్పిట వదులవుతుందని ఆయన నిద్రే మానేశాడు. "మళ్ళీ తాడేనా?" అని గర్జించాడు. పైడి అల్లిక చాపింది. ఆయన దాన్ని కంటికి దగ్గరగా పెట్టుకుని ఇటు తిప్పాడు, అటు తిప్పాడు.

"ముడి ఏదీ?"

"లేదు తాతా."

"తెగిన కొసలేవీ?"

"అయ్యీ లేవు."

"అబద్ధం! కొస లేకుండా అల్లిక ఎలా పడుతుంది?" అంటూనే దాన్ని మెడకు చుట్టుకోబోయాడు. అల్లిక సగం మెడకు కూడా రాలేదు. కొండాలమ్మ చెప్పిన మాట చెవిన పెట్టి ఉంటే ఎంత బాగుండేది! గాలికాపరి కోపంతో ఊపిరి వదిలాడు. పైడి కాళ్ళు నేల విడిచాయి. గాలిలో ఎగిరిపోతూ ఆమె ఆయన గుప్పిటను కావలించుకుంది. అప్పుడు కనిపించింది ఆ మణికట్టు.

"మెడకెందుకు తాతా? ఈల పట్టుకునేది సెయ్యే కదా! సేతికే ఏసుకో!"

ఊపిరి ఆగింది. "గుప్పిట తెరవాలి కదే" అన్నాడు ఆయన. ఆ గొంతులో కోపం లేదు, భయం ఉంది. అంత పెద్దవాడికి అంత భయం చూసి పైడికి జాలేసింది.

"నా సెయ్యి కింద ఎడతాను తాతా. పడనివ్వను."

ఒక్కొక్క వేలే తెరుచుకుంది. లోపల ఎముక ఈల, నడుము దగ్గర సన్నగా, రెండు వైపులా లావుగా ఉంది. పైడి అల్లికను మణికట్టు చుట్టూ తిప్పి, కాజాలు నీళ్ళతో తడిపి సాగదీసి, గుండీకి తొడిగినట్టు ఈల నడుముకు తొడిగింది. కొండగాలికి తోలు ఆరి బిగుసుకుంది. గాలికాపరి చెయ్యి విదిలించాడు. ఈల ఊగి మళ్ళీ అరచేతిలోకే వచ్చింది. ఇంకా గట్టిగా విదిలించాడు. మళ్ళీ వచ్చింది. పసిపిల్లాడిలా నవ్వి, బండకు ఆనుకుని, అలాగే నిద్రలోకి జారిపోయాడు.

"తాతా! ఊది పడుకో తాతా! మా అయ్య..."

గురకే జవాబు. పైడి కిందికి చూసింది. తూర్పు అంచున తెల్లని నురగ దగ్గర పడవ చింతగింజంత కనిపిస్తోంది. ఇక ఎవరినో బతిమాలే వ్యవధి లేదు. ఈలను రెండు చేతులా పట్టుకుని ఊదింది. ఉత్త ఊపిరే వచ్చింది. మళ్ళీ ఊదింది. చివరికి "అయ్యా" అని పిలవాలనుకున్న పిలుపంతా అందులోకి ఊదితే, పిచ్చుక గొంతంత సన్నగా పలికింది. పెద్ద గాలులేవీ తల తిప్పలేదు. పొద వెనక నుంచి మాత్రం, ఇంకా దుమ్ము రేపడం కూడా రాని ఒక గాలిపిల్ల తొంగి చూసింది.

"నువ్వు మా కాపరివి కావుగా?"

"కాను. అదిగో, మా అయ్య పడవ. దాన్ని ఒడ్డుకి తోల్తావా?"

"నేను చిన్నదాన్ని. ఎండాకుల్ని తప్ప దేన్నీ తోలలేదు."

"పడవ కూడా సిన్నదే" అంది పైడి, కన్నీళ్ళు తుడుచుకుంటూ.

గాలిపిల్ల దూకింది. నురగ అంచున పడవ ఒక్కసారి వణికి ఆగింది. తర్వాత, నిద్రలో ఎవరో పక్కకు తిరిగినంత నెమ్మదిగా, వెనక్కి తిరిగింది. పైడి దాని మీద నుంచి చూపు మరల్చలేదు. పడవ ఒడ్డు చేరేసరికి ఆమె వెనక గాలికాపరి కడుపునిండా నిద్రపోయి, కోపమంతా ఆవులింతలో వదిలేసి లేచాడు. ఆ కోపంతో పాటే శాపమూ పోయింది. ఆయన ఈల ఊదితే గాలులన్నీ బుద్ధిగా గుహకు నడిచాయి.

పాము వీపున పైడి నీలకోనకు తిరిగొచ్చింది. రాజుగారు అర్ధరాజ్యం ఇవ్వబోతే, "నాకొద్దు బాబూ, మడుగంతా మా పడవోళ్ళది సెయ్యండి" అంది. ఆయన రెండు చేతులూ జోడించి సరేనన్నాడు. ఆగిపోయిన పెళ్ళిళ్ళన్నీ ఆ రోజే మొదలై, మంత్రాలు చదివి చదివి పురోహితుల గొంతులు బొంగురుపోయాయి.

పైడి అవేమీ చూడకుండా రేవుకు పరుగెత్తింది. సూరప్పడు మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, పడవను రెండు చేతులా పట్టుకుని ఉన్నాడు. ఒడ్డు చేరినప్పటి నుంచీ అలాగే ఉన్నాడు. పట్టు వదిలితే మళ్ళీ పోతుందని అన్నం కూడా తినలేదు.

"అయ్యా, కట్టెయ్" అంది పైడి.

"నిలవదే తల్లీ."

"కట్టి సూడు."

సూరప్పడు మోకును గుంజకు చుట్టి ముడివేశాడు. ఒక చెయ్యి తీశాడు. భయం భయంగా రెండో చెయ్యి తీశాడు. పడవ ముందుకు ఊగి, మోకు బిగిసి, ఆగింది. ఆయన ఆ ముడి వంక చూశాడు, కూతురి వంక చూశాడు, తర్వాత ఖాళీ అయిన తన రెండు చేతుల వంక చూసుకున్నాడు. ఆ చేతులతో కూతుర్ని ఎత్తుకుని, ఊరంతా వినేలా బావురుమన్నాడు.