బొమ్మ మీద చెయ్యి

టీలో ఉప్పు పడింది. మాబు సాబ్ ఒక గుక్క తాగి గ్లాసు కింద పెట్టేసరికి ఇంట్లో గొడవ మొదలైంది.

"నా తప్పేముంది?" అని రహమత్ బీ పొయ్యి దగ్గర నుంచే గట్టిగా అంది. "పచ్చ కాగితం డబ్బాలో సక్కెర, ఎర్ర కాగితం డబ్బాలో ఉప్పు. పదేండ్లుగా అట్లే పెడతాండా. నీ కూతురు రెండు కాగితాలూ పీక్కొని బడికి ఎత్తుకపోతాంది."

"మూత తీసి చూసింటే సరిపోయేది కదమ్మీ," అంది జహీరా జడ వేసుకుంటూ.

"పదేండ్లు సూడకుండానే చేసినా. ఈ పొద్దు నీ కోసం సూడాల్నా?"

"ఆ కాగితాల మీద ఇంగ్లీషు అక్షరాలున్నాయి. పిల్లోళ్లకు చూపియ్యల్ల."

"పిల్లోళ్లకు పుస్తకాల్లేవా? నా డబ్బాలే దొరికినాయా?"

మాబు సాబ్‌కు ఎమ్మిగనూరు బజారులో టైలరు షాపు ఉంది. రోజంతా మిషను చప్పుడు వినేవాడికి ఇంట్లో చప్పుడు పడదు. "పో తల్లీ, లేటయితాది. ఈ పొద్దు ఆదోని నుంచి పరీక్ష పెట్టే సారు వస్తాడంటివి కదా," అని కూతుర్ని పంపించి, ఉప్పు టీ తాగకుండానే షాపుకు బయల్దేరాడు.

జహీరా టీచర్ ట్రెయినింగ్ పూర్తి చేసి, ఊళ్లో వ్యాపారస్తుల కమిటీ నడిపే ప్రైమరీ బడిలో చేరి రెండు నెలలైంది. అది 1981 జనవరి. ఆదోనిలో ఒక హైస్కూలు వాళ్లు ఆరో తరగతిలో ఇంగ్లీషు మీడియం సెక్షన్ పెట్టారు. ఈ బడిలో అయిదో తరగతి పిల్లలు ఇంగ్లీషు చదవడంలో, గ్రామర్‌లో నెగ్గితే వాళ్లకు అందులో సీట్లు వస్తాయి. ఆ పిల్లల టీచరు జహీరాయే.

కమిటీ సెక్రటరీ కాశప్పకు ప్రత్తి వ్యాపారం. చేరిన రోజే ఆమెతో చెప్పాడు: "ఇరవై నలుగురు పిల్లోళ్లు. ఇరవై నలుగురూ పాసయితే జూన్‌లో నీ ఉద్యోగం పర్మనెంటు. లేదంటే ఇంకొకర్ని చూసుకుంటాం. అంతేమ్మా."

పరీక్ష పెట్టడానికి వచ్చిన దాదాపీర్ ఆ హైస్కూల్లో కొత్తగా చేరిన ఇంగ్లీషు మాస్టరు. బూట్లు తళతళలాడుతున్నాయి, జేబులో రెండు పెన్నులు. వరండాలో కుర్చీ వేయించుకుని పిల్లల్ని ఒక్కొక్కర్నే పిలిచాడు. జహీరా తలుపు దగ్గర నిలబడింది.

ప్రతి ఒక్కరూ పుస్తకం తెరిచి గడగడా చదివారు. ఎక్కడ పేజీ తిప్పాలో అక్కడ తిప్పారు. దాదాపీర్ మార్కులు వేస్తూ మధ్యమధ్యలో తలుపు వైపు చూశాడు. ఆ చూపు ఒకసారి అయితే ఫర్వాలేదు, ఆరోసారి కూడా అటే పోయేసరికి జహీరా చున్నీ సర్దుకుని గోడ వైపు తిరిగింది.

గ్రామర్‌ కూడా అంతే. ఖాళీలు పూరించమంటే పిల్లలు "ఈజ్, ఆర్, ఆమ్, ఈజ్, ఆర్" అని ఆగకుండా చెప్పేశారు.

"బ్రహ్మాండం టీచర్!" అన్నాడు దాదాపీర్. "మా ఆదోని పిల్లోళ్లు కూడా ఇంత బాగ చదవరు. ఇదెట్లా సాధించినారు?"

చేరిన మొదటి వారంలోనే జహీరాకు తెలిసిపోయింది, ఈ పిల్లలు చదవడం లేదని. ముందున్న మాస్టరు మూడేళ్లు పుస్తకం మొత్తం పాటలా వల్లె వేయించాడు. కాశప్పతో చెప్తే, "నువ్వు నోరు మూసుకుంటే అందురికీ మంచిది," అన్నాడు. మూసుకుందామనే ఆమె ఈ రోజు వచ్చింది.

ఆఖరున హులిగమ్మ వచ్చింది. మగ్గం నేసేవాళ్ల పిల్ల, చేతులకు ఇంకా రంగు అంటుకుని ఉంది. ఆ పిల్ల కూడా గడగడా చదివింది. దాదాపీర్ ఎర్ర పెన్ను ఎత్తాడు. వచ్చే ఏడాది ఇంగ్లీషు మీడియంలో ఈ పిల్ల ఎలా కూర్చుంటుందో జహీరాకు ఒక్కసారిగా కళ్లకు కట్టింది.

"సార్," అంది. "బొమ్మ మీద చెయ్యి పెట్టండి."

"ఏమన్నారు?"

"ఆ పేజీలో బొమ్మ ఉంది కదా. దాన్ని చేత్తో మూసి, నాలుగో లైను చదవమనండి."

దాదాపీర్ నవ్వుతూ అరచెయ్యి బొమ్మ మీద పెట్టాడు. హులిగమ్మ నోరు తెరిచింది, మూసింది. మెల్లగా ఆయన చిటికెన వేలు పట్టుకుని పైకి లేపబోయింది.

"సార్, చెయ్యి తియ్యండి సార్. బొమ్మ కనపడల్లేదు."

దాదాపీర్ నవ్వు ఆగిపోయింది. ఇంకో పేజీ తీశాడు, మళ్లీ బొమ్మ మూశాడు. పిల్ల దిక్కులు చూసింది. గ్రామర్ ఖాళీల్లో మూడోదాన్ని మొదట అడిగాడు. "ఈజ్" అంది, మొదటిది ఎప్పుడూ ఈజే కాబట్టి. ఇంకో ముగ్గుర్ని పిలిచి చూశాడు. ముగ్గురూ అంతే.

ఆయన మార్కుల కాగితం చేతిలోకి తీసుకున్నాడు. "ఇంకుతో రాసేసినాను టీచర్."

"చింపేయండి. నేను పొద్దున్నే రెండు కాగితాలు చింపినాను. ఏం కాలేదు, మా అబ్బా టీలో ఉప్పు పడిందంతే."

ఆయన ఆమె వైపు అర్థంకానట్టు చూశాడు. అయినా కాగితం మాత్రం చింపేశాడు.

సోడాలు పట్టుకుని వచ్చిన కాశప్ప ఆ ముక్కల్ని చూసి ఎగిరాడు. "ఏమ్మా, నీ ఉద్యోగం నువ్వే పీక్కుంటావా? సారు వేస్తానన్న మార్కులు నీకు అడ్డమొచ్చినాయా?"

"తప్పు నాది సార్," అన్నాడు దాదాపీర్. "నేను పుస్తకాన్ని చూడకుండా మార్కులేసినా. రెండు నెలలు టైమియ్యండి. మార్చిలో మళ్లీ వస్తా. మా హెడ్‌మాస్టరుతో నేను మాట్లాడుకుంటా."

"పుస్తకాన్ని చూడకుండా ఇంకేం చూసినావప్పా?" అన్నాడు కాశప్ప.

దాదాపీర్ చెవులు ఎర్రబడ్డాయి. జహీరా చాక్‌పీసులు ఏరుకోవడానికి లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడే ఆమె పుస్తకాలన్నీ బీరువాలో పెట్టి తాళం వేసింది. ఇంగ్లీషు అక్షరాలున్న వస్తువు ఇంట్లో ఏది ఉన్నా తెమ్మని పిల్లలకు చెప్పింది. సబ్బు కాగితాలు వచ్చాయి, మందు సీసాలు వచ్చాయి. ప్రత్తి బేళ్ల మీద నల్లరంగుతో అచ్చుకొట్టిన గోనెగుడ్డ ముక్క ఒకడు తెచ్చాడు. రంగులన్నీ కత్తిరించేసి, అక్షరాలు మాత్రం అట్టలకు అంటించి, వాటితో మాటలు పేర్పించింది.

రెండు వారాల తర్వాత ఒక శనివారం మధ్యాహ్నం దాదాపీర్ ఆదోని బస్సు దిగి బడికి వచ్చాడు.

"పరీక్ష మార్చిలో కదా సార్?" అంది జహీరా.

"పరీక్షకు రాలేదు. మాకు శనివారం ఒంటిపూట. ఊరికే చూసిపోదామని."

"ఊరికే చూసేదానికి ముప్పై కిలోమీటర్లా?"

"చూడకుండా మార్కులేసినోణ్ణి టీచర్. ఆ బాకీ తీర్చుకోవద్దా?"

ఆమె ఒక అట్టల కట్ట ఆయన చేతిలో పెట్టింది. "అయితే ఆ వెనక వరస మీది. వాళ్లు అల్లరోళ్లు."

తర్వాత శనివారమూ వచ్చాడు. ఆ తర్వాతదీ వచ్చాడు. బూట్ల తళతళ పోయి, వాటి మీద సుద్దపొడి పడింది. వాళ్ల మాటలన్నీ పిల్లల గురించే. ఎవరికి అక్షరాలు తారుమారవుతున్నాయి, ఎవరు పక్కవాడి నోరు చూసి చెప్తున్నారు, ఎవరికి కళ్లజోడు కావాలి. ఒక శనివారం బస్సు చెడిపోయి దాదాపీర్ రాలేదు. ఆ రోజు జహీరా వెనక వరస పిల్లల్ని రెండుసార్లు ఊరికే కసిరింది.

"సారు రాలేదని మమ్మల్ని తిడతాండావా టీచర్?" అని హులిగమ్మ అడిగింది.

"నోరు మూసుకుని చదువు," అంది జహీరా, నవ్వు ఆపుకుంటూ.

మార్చి ఆఖరి శనివారం పరీక్ష. ఈసారి ఆయన పుస్తకం తేలేదు. తన చేత్తో రాసిన కాగితాలు తెచ్చాడు. బొమ్మల్లేవు, పిల్లలు ఎప్పుడూ చూడని వాక్యాలు. గ్రామర్ ఖాళీలు ఒక్కొక్కరికి ఒక్కో వరసలో ఇచ్చాడు. తలుపు వైపు ఒక్కసారి కూడా చూడలేదు. పదిహేను మంది తడుముకుంటూ, వేలు పెట్టుకుంటూ చదివారు. తొమ్మిది మంది చదవలేకపోయారు. ఆ తొమ్మిది మందిలో హులిగమ్మ ఉంది.

"హులిగమ్మకు ఇంకో రెండు మార్కులు వేస్తే..." అని దాదాపీర్ మెల్లగా అన్నాడు.

"వద్దు సార్," అంది జహీరా.

కాశప్ప కాగితం అందుకుని లెక్కపెట్టాడు. "తొమ్మిది మంది తప్పినారు. పర్మనెంటు లేదమ్మా." కొంచెం ఆగి, గొంతు తగ్గించాడు. "అయినా నీ క్లాసులో ఉండే మా మనవడు నిన్న నా ప్రత్తి బేలు మీద రాసిందంతా చదివినాడు. ముందు మాస్టరు దగ్గర మూడేండ్లుండి ఒక్క అక్షరం గుర్తుపట్టలేదు వాడు. ఇంకో ఏడాది టెంపరరీగా ఉండు. ఆ తొమ్మిదిమందినీ చదివిచ్చు, అప్పుడు చూద్దాం."

బయట అకాల వాన మొదలైంది. బడి రేకుల మీద చినుకుల చప్పుడుకు ఒకరి మాట ఒకరికి వినపడటం లేదు. దాదాపీర్ బస్సుకు పోలేక వరండాలో ఆగిపోయాడు. జహీరా అట్టలు తడవకుండా పెట్టెలో సర్దుతోంది. ఆయన జేబులోంచి మడత పెట్టిన కాగితం ఒకటి తీసి పెట్టె మీద పెట్టాడు.

"ఒక కాగితం మిగిలింది టీచర్. ఇది మీకు. బొమ్మల్లేవు."

అందులో ఇంగ్లీషులో ఒకే ప్రశ్న ఉంది. మా అమ్మను మీ ఇంటికి పంపించవచ్చా అని.

జహీరా రెండుసార్లు చదివింది. వాన చప్పుడులో చదివింది కాబట్టి రెండుసార్లు పట్టిందని తర్వాత తనకు తాను చెప్పుకుంది.

"జవాబు రాసేదానికి టైమెంత సార్?"

"వాన నిలిచేదాకా."

"నిలిచేటట్టు లేదు." కాగితం మడిచి తన పర్సులో పెట్టుకుంది. "అబ్బాకు ఆదివారం షాపు సెలవు. మీ అమ్మను ఒక ఆదివారం రమ్మనండి."

ఏప్రిల్‌లో మూడో ఆదివారం దాదాపీర్ తల్లి వహీదా బీ కొడుకును వెంటబెట్టుకుని వచ్చింది. మధ్య గుమ్మానికి మాబు సాబ్ బడి యూనిఫారం గుడ్డతో కుట్టిన నీలం తెర వేలాడుతోంది. తెరకు అటు మగవాళ్లు, ఇటు ఆడవాళ్లు. బగారా అన్నం, దాల్చా వడ్డించారు. రహమత్ బీ ఖీర్‌లో చక్కెర వేసే ముందు డబ్బా మూత తీసి, రెండు పలుకులు నాలుక మీద వేసుకుని మరీ చూసుకుంది.

"పిల్ల నాకు నచ్చింది," అంది వహీదా బీ. "జూన్‌లో నిఖా పెట్టుకుందాం. ఆదోనిలో మా ఇల్లు పెద్దదే. ఇంకా ఈ ఉద్యోగం ఎందుకులే బేటీ, మానేసెయ్."

రహమత్ బీ కూతురి వైపు చూసి కళ్లతోనే బెదిరించింది. జహీరా దాల్చా గిన్నె కింద పెట్టింది.

"నాకూ ఇష్టమే ఖాలా. కానీ నా దగ్గర తొమ్మిదిమంది పిల్లోళ్లు ఆగిపోయినారు. ఇన్నాళ్లు వాళ్లు బొమ్మ చూసి చదివినట్టు చేసినారు. ఆ పొద్దు నోరు తెరిచి చెప్పింది నేనే. వాళ్లను ఇప్పుడు ఇంకొకరి చేతిలో పెట్టి రాలేను. ఆ తొమ్మిదిమందీ చదివినాకనే నిఖా."

చేతులు కంచాల్లోనే ఆగిపోయాయి. రహమత్ బీ నుదురు కొట్టుకుంది.

"బాగుందమ్మా!" అంది వహీదా బీ. "ఆ తొమ్మిదిమంది యాపొద్దు చదవల్ల? నా కొడుకు పెండ్లి యాపొద్దు కావల్ల?"

తెర అవతల నుంచి దాదాపీర్ గొంతు సవరించుకున్నాడు.

"ఎనిమిదిమందే అమ్మీ. హులిగమ్మ నిన్న చదివింది."

జహీరా తెర వైపు తిరిగి, "నిజంగానా సార్? బొమ్మ మూసినారా?" అంది.

"బొమ్మే లేదు. బస్సు మీద ఇంగ్లీషు బోర్డు చదివింది. నన్ను బస్సెక్కించేదానికి వచ్చి."

ముందు నవ్వింది వహీదా బీయే. కొంగుతో మూతి తుడుచుకుంటూ, "ఇద్దురూ ఒకటే అయినాక నాదేముందిలే," అంది.

తెర అవతల మాబు సాబ్ చెయ్యి కడుక్కున్న చప్పుడు వినిపించింది. ఆ ఇంట్లో ఆయన గొంతు అంత గట్టిగా ఎవరూ ఎప్పుడూ వినలేదు.

"అయితే మాట ఖాయం. ఎనిమిదో పిల్లోడు చదివిన వారమే నిఖా. రహమత్, ఖీర్ తీసుకురా."