భైరవుడి ముందరికాలు

చిన్నతల్లి గంటస్తంభం దగ్గర బస్సు దిగి, పట్నాయక్ గారి మేడమెట్లు పరుగున ఎక్కి, గుమ్మంలోనే కూలబడిపోయింది. కాళ్లకి చెప్పుల్లేవు. జుట్టంతా బస్సు దుమ్ము. అప్పలసూరి మంచినీళ్లు తెచ్చి చేతికిస్తే సగం తాగి, సగం మీద పోసుకుంది.

"బాబూ, పొద్దుగూకేలోగా మా బైరవుణ్ణి కాల్సేత్తారు. మా మావని జైల్లో ఎట్టేత్తారు. తమరే దిక్కు!"

భైరవుడంటే కొడుకేమో అనుకుని అప్పలసూరి గుండె గుభేలుమంది. కుక్క అని తెలిశాక మరోలా గుభేలుమంది. విజయనగరం మొత్తం మీద పట్నాయక్ గారంత గొప్ప ప్రైవేటు డిటెక్టివు లేడనీ, ఆయన దగ్గర అసిస్టెంటుగా ఉండడం తన పూర్వజన్మ సుకృతమనీ నమ్మే మనిషి అతను. దొంగలంటే భయం లేదు, కత్తులంటే భయం లేదు. కుక్క కనిపిస్తే మాత్రం పక్కసందు వెతుక్కుంటాడు.

పట్నాయక్ చుట్ట పక్కనపెట్టి, "మొదట్నుంచీ చెప్పమ్మా. ఏడవకుండా చెప్పు," అన్నాడు.

ఆమె చెప్పిన కథ ఇది. మొగుడు సోములు నరసింగరావు గారి కంపెనీలో పనివాడు. షాపులకీ గోడౌన్లకీ కాపలా కుక్కల్ని అద్దెకిచ్చే కంపెనీ అది. కుక్కతోబాటు దాన్ని చూసుకునే మనిషినీ పంపుతారు. అలా భైరవుడూ సోములూ రాజాంలో కూర్మయ్య శెట్టి గోడౌనుకి కాపలా వెళ్లారు. శ్రీముఖలింగం గుడికి శివరాత్రి మొక్కు చెల్లించడానికి శెట్టి చేయించిన వెండిపళ్లేలు ఆ గోడౌనులోనే ఉన్నాయి. నిన్న రాత్రి ఎవరో వెనకవైపు పెంకులు తీసి దిగి, పెట్టె పట్టుకుపోయారు. భైరవుడు మొరగలేదు సరికదా, తెల్లారి కర్రతో పొడిచినా లేవలేదట. కుక్కకి ఎవరో మత్తు పెట్టారు. భైరవుడు సోములు చేత్తో పెడితేనే తింటాడు. ఇంకెవరు పెట్టినా, మాంసమైనా సరే, ముట్టడు. ఇంకేం, సోములు చేతులకి బేడీలు పడ్డాయి.

"కాపలాలో ఒకపాలి తప్పిన కుక్కని ఉంచకూడదని మా అయ్యగారి రూలు బాబూ. ఆరికి తుపాకీ ఉన్నాది. సాయంత్రం కాల్సేత్తానన్నారు. నా మొగుడు అన్నం మానేసి ఆ కుక్కకెట్టినోడు. ఆడు మత్తెడతాడా?"

పట్నాయక్ అప్పటికే కండువా భుజాన వేసుకున్నాడు.

రాజాం బస్సు ఆ రోజు ఎడ్లబండి కంటే హీనంగా నడిచింది. చీపురుపల్లి దగ్గర టైరు పంచరు. చిన్నతల్లి ఒకచోట కూర్చోలేక డ్రైవరు వెనక నిలబడి మాటిమాటికీ సూర్యుడి వంక చూస్తోంది. ఆమెని చూసి అప్పలసూరికీ కుదురు లేకుండా పోయింది. పట్నాయక్ ఒక్కడే కిటికీ ఊచకి తల ఆనించి కళ్లు మూసుకున్నాడు. ఈయనకి నిద్రెలా పడుతుందిరా భగవంతుడా అని అప్పలసూరి లోలోపల విసుక్కున్నాడు.

వాళ్లు చేరేసరికి గోడౌను ముందు తీర్థంలా జనం. ఒక పక్క కంపెనీ వ్యాను, దాని వెనకభాగంలో ఇనుపబోను, బోనులో పెద్ద నల్లకుక్క. నరసింగరావు వచ్చేటప్పుడే వెంట తెచ్చుకున్న కుక్కట, ఇక భైరవుడి స్థానంలో దాన్నే పెడతారట. చుట్టూ పిల్లలు కేకలేస్తున్నా అది గడ్డి మీద బొక్కబోర్లా పడుకుని కళ్లు సగం మూసి చొంగ కారుస్తోంది. పట్నాయక్ బోనుకి మొహం ఆనించి దాని కళ్లలోకి చూశాడు. అప్పలసూరి మాత్రం బారెడు దూరంలో ఆగిపోయాడు.

నరసింగరావు ఎదురొచ్చాడు. ఇస్త్రీ నలగని ఖాకీ బట్టలు, మెరిసే బూట్లు, నోరు తెరిస్తే నియమాలు.

"మా కంపెనీకో స్టాండర్డు ఉందండీ," అన్నాడు. "తోలు పట్టీయే తప్ప ఇనుము తగలనివ్వం. రెండు పూటలా మాంసం. పరాయి చేతి తిండి ముట్టని శిక్షణ. కాపలా కుక్క ముద్దుల కుక్క కాకూడదు. షేక్‌హ్యాండ్ ఇమ్మంటే కాలు చాపే కుక్క దొంగకి కూడా చాపుతుంది. మా కుక్కలు ఎవరికీ కాలివ్వవు. నాక్కూడా ఇవ్వవు."

"మీరు ఇక్కడికి ఎప్పుడొచ్చారు?"

"పోయినవారం సంతనాడే వచ్చాను. కొత్త ఖాతాలు చూసుకుంటూ సత్రంలో దిగాను. సాయంత్రాలు ఇటొచ్చి తనిఖీ చేసేవాణ్ణి. దూరం నుంచే లెండి. డ్యూటీలో ఉన్న కుక్కని ముట్టుకోకూడదని రూలు పెట్టినవాణ్ణి నేనే కదా!"

"భైరవుడి ఒంటిమీద దెబ్బా, పుండూ ఏమైనా ఉందా?"

నరసింగరావు నొచ్చుకున్నాడు. "పుండున్న కుక్కని డ్యూటీకి పంపితే కంపెనీ మూసుకోవాలి. దాని ఒంటిమీద గీత కూడా లేదు."

తరవాత వాచ్‌మన్ దాలయ్యని పిలిచారు. పాపం ముసలాడు తలగుడ్డ చేతుల్లో నలుపుతూ వచ్చాడు.

"నానేటి సెప్పగలను బాబూ? పెంకుల సప్పుడైతే పిల్లేమో అనుకున్నాను. కుక్కుంది గదా అని కునుకు తీసాను. అయ్యగారా? రోజూ సాయంత్రం వత్తారు. సోములు బువ్వకెల్లినేల వత్తారు. నన్ను గేటుకాడికి పొమ్మంతారు. కొత్తోళ్లుంటే కుక్క సరిగ్గా నిలబడదంట."

కూర్మయ్య శెట్టి నేలమీదే చతికిలబడ్డాడు. దేవుడి సొమ్ము పోయిందని తల కొట్టుకుంటున్నాడు. "నాకు ఎవుళ్ల మీదా అనుమానం నేదు బాబూ. అందర్నీ నమ్మేను, అదే నా తప్పు," అని మాత్రం అన్నాడు.

గోడౌను వెనక పెరట్లో భైరవుడు బండరాయి మీద పడి ఉన్నాడు. అల్సేషియన్. ఒకప్పుడు రాజాలా ఉండేవాడేమో గానీ ఇప్పుడు పక్కటెముకలు లెక్కపెట్టుకోవచ్చు. పూటపూటా మాంసం తినే ఒళ్లు కాదది. తల ఎత్తబోయి ఎత్తలేక మూలిగాడు. భయం సంగతి మరిచిపోయి అప్పలసూరి, "అయ్యో, నీ మొహం మండా, ఇలా అయిపోయావేంట్రా!" అనేశాడు.

పట్నాయక్ వంగి చూశాడు. పక్కనున్న అన్నం గిన్నెలో మెతుకులు ఎండిపోయి ఉన్నాయి. దాని దరిదాపుల్లో ఒక్క చీమ లేదు. చీమలబారు గోడవారనుంచి బయల్దేరి, గిన్నెని తప్పించుకుని, బండరాయి ఎక్కి, తిన్నగా భైరవుడి ముందరికాలి దగ్గరికి పోతోంది.

"సూరీ, చూశావా?"

"చూశానండీ. చీమలు. పాపం, కుడుతున్నట్టున్నాయి," అని అప్పలసూరి కండువాతో వాటిని విదిలించాడు. ఆయన చూసింది అది కాదని అతనికి తెలుసు. ఏం చూశాడో మాత్రం తెలియలేదు.

సోముల్ని ఇన్‌స్పెక్టరు గోడౌను లోపల కూర్చోబెట్టి ఉంచాడు. ఎండిన మనిషి, పెద్ద కళ్లు. నిన్న ఏం పెట్టావంటే గంజన్నం అన్నాడు. మత్తు ఎలా ఎక్కిందంటే తెలీదన్నాడు. "ముందరికాలికి ఏమైంది?" అనగానే తల వంచేసుకున్నాడు.

"సెప్పు మావా! బాబుగారికి సెప్పకపోతే ఇంకెవులికి సెప్తావు?" అంది చిన్నతల్లి. దాంతో అతను భోరుమన్నాడు.

"పుండు బాబూ. కంపెనీ దొడ్లో ముందరికాలికి ఇనపకడియం ఎట్టి కట్టేత్తారు. తోలుపట్టీ మీలాటోళ్లకి సూపెట్టడానికే. ఒరుసుకుపోయి లోపలేపు పుండయినాది. ఆ సంగతి అయ్యగారికి తెలిస్తే పనికిరాదని కాల్సేత్తారు. ఇదివరకు రెండిటిని అలాగే కాల్సీనారు. అందుకే బెంట్రుకల సాటున దాసి, ఎవులికీ తెలీకండా రోజూ వేపనూనె రాత్తన్నాను. సేదుకి అది నాకదు, ఈగలు వాలవు. మొదట్లో మానతన్నాది బాబూ. ఈ వారం ఏటయినాదో, మళ్లీ పచ్చిపుండయిపోనాది. సీమలు గూడా ఎక్కుతన్నాయి. గానుగోడు నూనెలో ఏటి కలిపేసినాడోనని సంతలో ఆడితో దెబ్బలాడొచ్చినాను."

"ఈ మాట పోలీసులకెందుకు చెప్పలేదు?"

"సెప్తే నాను బతుకుతానేమో గానీ అది సత్తాది గదా బాబూ."

పట్నాయక్ సోములు భుజం మీద చెయ్యి వేసి, నూనెసీసా అడిగి తీసుకుని, మూత తీసి వాసన చూశాడు. చుక్క నాలిక మీద వేసుకుని మొహం వికారంగా పెట్టాడు. ఆ తరవాత ఇన్‌స్పెక్టరుని పక్కకి పిలిచి చాలాసేపు మాట్లాడాడు.

ఎండ వాలింది. నరసింగరావు వ్యానులోంచి తుపాకీ తీసి తుడుచుకుంటున్నాడు. భైరవుడికి కాస్త తెలివొచ్చింది. లేచి నిలబడుతున్నాడు, తూలుతున్నాడు. చిన్నతల్లి వాడికీ తుపాకీకీ మధ్య గోడలా నిలబడింది. అప్పలసూరికి ఒళ్లంతా చెమట. ఈయన తొందరపడడేమిటి? ఆ తుపాకీ పేలాక ఎంత నిజం బయటపడితే మాత్రం ఏం లాభం?

"అందరూ పెరట్లోకి రండి," అన్నాడు పట్నాయక్ ఆఖరికి. "కుక్క చావాల్సిందే అయితే, దాని సాక్ష్యం తీసుకున్నాకే చావాలి."

నరసింగరావు నవ్వాడు. "కుక్క సాక్ష్యమా?"

"మీ శిక్షణ అంత గొప్పది కదండీ, చూద్దాం. శెట్టిగారూ, మీరు ముందు. దాని ఎదట కూర్చుని చెయ్యి చాపండి. గొలుసు నా చేతిలో ఉంది, భయం లేదు."

కూర్మయ్య దేవుడికి దణ్ణం పెట్టుకుని చెయ్యి చాపాడు. భైరవుడు మత్తులోనే పళ్లు బయటపెట్టి గుర్రుమన్నాడు. శెట్టి వెనక్కి పడ్డాడు. దాలయ్య చాపితే మరింత గుర్రుమన్నాడు.

"ఇప్పుడు మీరు, నరసింగరావు గారూ."

"ఎందుకండీ ఈ తోలుబొమ్మలాట? మా కుక్కలు ఎవరికీ..."

"మీక్కూడా ఇవ్వవన్నారు. అదే నిజమైతే భయం దేనికి?"

జనమంతా చూస్తున్నారు. ఇన్‌స్పెక్టరు చూస్తున్నాడు. నరసింగరావు ఇస్త్రీ ప్యాంటు నలుగుతుందన్నట్టు విసుక్కుంటూ కూర్చుని, చెయ్యి కాస్తంత చాపాడు.

భైరవుడు ఆ చెయ్యి వాసన చూశాడు. తోక ఊపాడు. మెల్లిగా ముందరికాలు ఎత్తి, పుండున్న వైపు పైకి తిప్పి, ఆ చేతిలో పెట్టాడు. పెట్టి, నాలిక చాపుకుని, ఆశగా ఆయన మొహంలోకి చూశాడు.

నరసింగరావు నిప్పు తగిలినట్టు చెయ్యి లాక్కున్నాడు.

"మీరు లేదన్న పుండు అది," అన్నాడు పట్నాయక్. ఆయన గొంతులో అంత కోపం అప్పలసూరి ఎప్పుడూ వినలేదు. "ఎవరికీ కాలివ్వని కుక్క పుండుని మీకెందుకు చూపించింది? పరాయి తిండి ముట్టదు, నిజమే. కానీ తన పుండు తను నాక్కోకూడదని ఏ కుక్కకీ ఎవరూ నేర్పలేరు. సోములు బువ్వకెళ్లిన వేళ, దాలయ్యని గేటుకి పంపేసి, మీరు ఆ వేపనూనె తుడిచేశారు. బెల్లంపాకం రాశారు. కొన్నాళ్లు ఉత్త పాకమే, అలవాటు కావడానికి. పుండు మానకపోవడం అందుకే, చీమలు పట్టడం అందుకే. గానుగవాడి నూనె శుభ్రంగా చేదుగానే ఉంది, నేను రుచి చూశాను. నిన్న సాయంత్రం పాకంలో నల్లమందు కలిపారు. కుక్క తనంతట తనే నాక్కుంది. సోములు తప్ప ఇంకెవరూ పెట్టలేరన్న నమ్మకం ఊళ్లో ఎలాగూ ఉంది. నేరం వాడి మీద పడింది."

"నాకు నల్లమందు ఎక్కడిది?" నరసింగరావు అరిచాడు.

"బోనులో కుక్క కంటిపాప పెసరగింజంత ఉంది. భైరవుడిదీ అంతే. నల్లమందు తిన్న కళ్లవి. ప్రయాణాల్లో గోల చెయ్యకుండా మీరు కుక్కలకి అది నాకిస్తారు. ఇవాళ మాత్రం ప్రయాణం లేకపోయినా నాకించారు. కడుపు మాడిన కుక్క తన కింద ఉన్నదాన్ని గోకి బయటపెడుతుందని భయం. ఇన్‌స్పెక్టరు గారూ, ఊరంతా వెతికారు, సత్రం వెతికారు. ఆ బోను ఎందుకు వెతకలేదు?"

ఇన్‌స్పెక్టరు మొహమాటంగా, "అంత కుక్క ఉన్న బోనులో చెయ్యెవడు పెడతాడండీ?" అన్నాడు.

"ఆయనకి కావలసింది అదే. సోముల్ని పిలవండి."

బేడీలు విప్పారు. సోములు వ్యాను ఎక్కి, "ఏటిరా, ఏటయినాదిరా నీకు," అంటూ నల్లకుక్క మెడ నిమిరి, దాన్ని ఓ పక్కకి జరిపి, గడ్డిలోకి చెయ్యి దూర్చాడు. వెండిపళ్లేలు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. కూర్మయ్య శెట్టి వాటిని కళ్లకద్దుకుని అక్కడే మట్టిలో సాష్టాంగపడ్డాడు.

నరసింగరావు ఇక బుకాయించలేదు. సోముల్ని చూపుడువేలితో పొడుస్తున్నట్టు చూపించాడు. "వీడే నా కంపెనీ ముంచాడు! కుక్కలకి తిండి పెట్టడంలేదని ఖాతాదారులకి చెప్పాడు. ఒక్కొక్కరే మానేశారు. నా రూల్స్‌బుక్ చూసి దణ్ణం పెట్టినవాళ్లు, వీడి మాట విని మానేశారు!"

"తిండి ఎట్టుంటే నానెందుకు సెప్తాను అయ్యగారూ?" అన్నాడు సోములు. కోపంగా కూడా అనలేదు. నిజంగానే అడిగినట్టు అడిగాడు.

కానిస్టేబులు అతన్ని నడిపించుకుపోతుంటే భైరవుడు గొలుసు లాగాడు. మూడుకాళ్ల మీద కుంటుకుంటూ, ముందరికాలు ఎత్తిపట్టుకునే, ఆ మెరిసే బూట్ల వెంట పడబోయాడు. ఆ చెయ్యి తీపి పెట్టింది, వాడికి అంతవరకే తెలుసు. అప్పలసూరి చూడలేకపోయాడు. కళ్లనీళ్లు తిరిగాయి. తానేం చేస్తున్నాడో తెలిసేలోగానే ముందుకు దూకి, రెండు చేతులా భైరవుడి మెడ కావలించుకుని ఆపేశాడు.

"ఒరే, వద్దురా! వాడు నిన్ను కాల్చబోయినవాడురా!"

భైరవుడు కరవలేదు. అతని చెవి దగ్గర ఒక్కసారి మూలిగాడు.

తుపాకీ ఇన్‌స్పెక్టరు జీపెక్కింది. రెండు కుక్కల్నీ తనే ఉంచుకుంటాననీ, సోముల్ని కూడా ఉంచుకుంటాననీ శెట్టి అందరి ముందూ మాటిచ్చాడు. "రెండు పూటలా మాంసం ఎట్టాల, మాటంటే మాటే!" అని చిన్నతల్లి అక్కడికక్కడే గట్టిగా అనేసింది. శెట్టి గతుక్కుమన్నాడు గానీ తలూపాడు.

సోములు బండరాయి మీద కూర్చుని పుండు కడిగాడు. సీసా మూత తీయగానే ఆ ఘాటుకి భైరవుడు మూతి ముడుచుకుని, తుమ్మి, మొహం అవతలికి తిప్పేసుకున్నాడు.

కాలు మాత్రం వెనక్కి తీసుకోలేదు.