కుర్చీ రౌండు

"ఇదేమిటో చెప్పు," అన్నాడు చీఫ్, బల్ల మీదున్న గుండ్రటి వస్తువును ముందుకు తోస్తూ.

"ప్రెషర్ గేజి సార్."

"నంబరు?"

"ఇరవై ఏడు."

"ఇప్పుడెక్కడుంది?"

"మీ బల్ల మీద సార్."

"హమ్మయ్య. నా కళ్లు బాగానే ఉన్నాయన్నమాట." చీఫ్ ఒక కాగితం అందించాడు. "నిన్న అణు విద్యుత్ కేంద్రం మనకు పంపిన వారం రిపోర్టు. నాలుగో లైను చదువు."

"'గేజి ఇరవై ఏడు. రీడింగ్ 4.2. సవ్యం.'"

అతను కాగితం వంక, గేజి వంక మార్చి మార్చి చూశాడు. గేజి ముల్లు సున్నా దగ్గర నిక్షేపంగా ఉంది.

అణు భద్రతా బోర్డుకు ఎన్‌ఫోర్స్‌మెంట్ విభాగం ఉందని లోకానికి తెలుసు. అందులో ఒక రహస్య శాఖ ఉందని బోర్డు సభ్యులకే సరిగా తెలియదు. మూడో అంతస్తులో పాత ఫైళ్ల గది వెనక ఒక బల్ల, రెండు కుర్చీలు, గడియ పడని తలుపు. శాఖ మొత్తం అంతే. ఏజెంట్లు నలుగురు. వాళ్లలో ఇతని ముద్దుపేరు చాదస్తం. తాళం వేసిన తలుపును రెండుసార్లు లాగి చూస్తాడు, కప్పులో టీ పోసే ముందు అడుగున ఏముందో చూస్తాడు. తొమ్మిదేళ్ల సర్వీసులో ఒక్క తూటా పేల్చలేదు గాని, అతని రిపోర్టులో ఒక్క అంకె తప్పని ఏ లాయరూ నిరూపించలేకపోయాడు.

"తొమ్మిది రోజులుగా ఇది మన ల్యాబ్‌లోనే ఉంది," అన్నాడు చీఫ్. "సరిగా పనిచేయడం లేదు, కాలిబ్రేట్ చేసి పంపండని వాళ్లే పంపారు. మనవాళ్లు చూశారు. భేషుగ్గా పనిచేస్తోంది."

"అంటే, నిజం చెబుతోందని గోడ మీంచి దింపేశారు."

"అప్పుడప్పుడూ నీ బుర్ర పనిచేస్తుందయ్యా. రియాక్టర్ మితిమీరి వేడెక్కితే ఆఖరి దిక్కు ఎమర్జెన్సీ పంపు. అది నడిస్తే, నీరు కారకుండా ఆపే సీలు నలభై నిమిషాల్లో చిట్లిపోతుంది. ఆ సంగతి గేజి చెబుతుంది. పంపు తయారుచేసిన విదేశీ కంపెనీకి తెలుసు, కేంద్రం డైరెక్టరుకు తెలుసు. ఇవాళ పదకొండింటికి పన్నెండు దేశాల అతిథుల ముందు రియాక్టర్ స్టార్ట్ చేస్తారు. అది చూసి ఆ పన్నెండు దేశాలూ అవే పంపులు పెట్టుకుంటాయి."

"మామూలుగా తనిఖీకి వెళితే?"

"మూడు రోజుల ముందు చెప్పి వెళ్లాలి. మూడు రోజుల్లో కొత్త రిజిస్టరు పుట్టుకొస్తుంది, పాత టీ మరకలతో సహా." చీఫ్ ఒక కవరు తీశాడు. "ఇది స్టాప్ నోటీసు. లోపల పనిచేసేవాడెవడో ఒకడు, తప్పని తెలిసే రాశామని రాసివ్వాలి. అది దీనికి జత చేసి, స్టార్ట్ తాళం తిరగకముందే డైరెక్టరు చేతిలో పడాలి. తిరిగాక పడితే బోర్డు కూర్చోవాలి. మన బోర్డు కూర్చోడానికి మూడు నెలలు, లేవడానికి ఆరు."

"లోపల మనవాళ్లెవరైనా ఉన్నారా?"

"కోడ్ నేమ్ పాదరసం. ఆ కంపెనీకి పబ్లిసిటీ సలహాదారు. మనకు ఉప్పందించింది ఆవిడే."

"నమ్మొచ్చా సార్?"

"ఆవిణ్ని చూశాక ఆ ప్రశ్న నీకు గుర్తుండదు." చీఫ్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "మీ బావ అక్కడే పనిచేస్తాడు కదూ?"

"టర్బైన్ హాల్లో సార్. ఈ పంపుతో ఆయనకు సంబంధం లేదు."

"లేకపోవడమే మంచిది," అన్నాడు చీఫ్.

*

పది గంటలకు ల్యాబ్ మెకానిక్ ఒకడు కేంద్రం గేటు దగ్గర దిగాడు. నూనె మరకల నీలం కోటు, జేబులో టెస్టర్, చంకలో అట్టపెట్టె. పెట్టెలో గేజి, గేజి నడిమి స్క్రూలో ఆవగింజంత కెమెరా. సెక్యూరిటీవాళ్లు అతని టిఫిన్ డబ్బా మూడుసార్లు తెరిచి చూశారు. గేజిని మాత్రం ఒకడు ముద్దుగా తట్టి లోపలికి పంపాడు.

లాబీలో పాదరసం ఎదురైంది. చీఫ్ చెప్పింది నిజమే. బూడిద రంగు సూటు, మెడ దాకా కత్తిరించిన జుట్టు. ఆమె నడుస్తుంటే రిసెప్షన్‌లో టైపింగ్ చప్పుడు ఆగిపోయింది.

"ఈమధ్య మీ ప్రెషర్ ఎలా ఉంది?" అందామె, పక్కన నిలబడి.

"నేను కొలిచేవాణ్నేనండీ, చూపించుకునేవాణ్ని కాదు."

కోడ్ సరిపోయింది. ఆమె అరచేతిలోంచి ఒక పాస్ అతని కోటు జేబులోకి జారింది. "పంప్ రూమ్ ఎడమవైపు. రిజిస్టరు ఆపరేటర్ బల్ల మీదుంటుంది. త్వరగా కానివ్వండి, డైరెక్టరు గారికి నేను ఉపన్యాసం అందించాలి." చేతిలో ఉన్న తోలు ఫోల్డర్ ఊపింది. "ఆయన తన ఉపన్యాసం కూడా ముందు చదవరు. వేదికెక్కి చెయ్యి చాపుతారు, నేను పెడతాను, అప్పుడే మొదటిసారి చూస్తారు."

పంప్ రూమ్ గోడ మీద గేజి ఉండాల్సిన చోట రెండు బోల్టు రంధ్రాలు, వాటి మధ్య వెలిసిపోని పెయింటు వలయం. అతను రిజిస్టరు తెరిచాడు. నాలుగు గంటలకొక రీడింగ్, తొమ్మిది రోజులకు యాభై నాలుగు. 4.2, 4.1, 4.2, 4.2. అన్నీ ఒకటే అంకె వేస్తే బాగుండదని మధ్యమధ్య కాస్త తగ్గించారు కూడా. ఆ శ్రద్ధలో పదోవంతు పంపు మీద పెట్టి ఉంటే ఎంత బాగుండేది!

ఆఖరిది ఇవాళ ఉదయం ఎనిమిదింటిది. 4.2. ఎనిమిదింటికి ఆ గేజి జీపులో అతని ఒళ్లోనే ఉంది. అతను స్క్రూ నొక్కి ఆ పేజీని ఫొటో తీశాడు. అప్పుడు చూశాడు కింద ఉన్న సంతకం. చివరి అక్షరం తోక సాగదీసి, కింద రెండు చుక్కలు. మేనకోడలి ప్రోగ్రెస్ కార్డు మీద ఎన్నిసార్లు చూశాడో ఆ సంతకాన్ని.

అతను ఆ సంతకం మీద వేలు పెట్టి రెండోసారి చూశాడు.

"ఒరేయ్, నువ్వా?"

వెనక బావ. చేతిలో టీ గ్లాసు, తలమీద పసుపు హెల్మెట్. బావమరిది వేషం చూసి నవ్వబోయి, తెరిచి ఉన్న రిజిస్టరు చూసి ఆగిపోయాడు.

"బావా, నువ్వు టర్బైన్ హాల్లో కదా?"

"తొమ్మిది రోజులైంది ఇక్కడ పడేసి. ఎందుకని అడిగితే పైనుంచి ఆర్డరన్నారు."

"ఈ రీడింగ్ ఎక్కడ చూసి రాశావు?"

బావ టీ గ్లాసు బల్ల మీద పెట్టాడు. "గేజి దాకా నడిచెళ్లి చూస్తే రౌండు. కూచున్నచోటే రాస్తే కుర్చీ రౌండు. ఇక్కడ గేటు కాపలావాణ్ని అడిగినా చెబుతాడు ఆ మాటకర్థం."

"ఎందుకు రాశావు బావా!"

"మొదటిరోజు ఆ గడి ఖాళీగా వదిలేశాను. మేనేజరు పిలిచి, 'ఖాళీలను పూరింపుము మీ బళ్లో నేర్పలేదా?' అన్నాడు. ఆరేళ్ల కిందట ఒకసారి నిజం రాశానురా. నాలుగేళ్లు స్టోర్సులో కూచోబెట్టారు. మీ అక్కకు ఇప్పటికీ తెలీదు, ప్రమోషనని చెప్పాను."

అతను విషయమంతా నాలుగు ముక్కల్లో చెప్పాడు. సీలు, నలభై నిమిషాలు, పదకొండు గంటలు. బావ గోడ మీది ఖాళీ వలయం వంక చూశాడు.

"మా క్వార్టర్సు ఇక్కడికి రెండు కిలోమీటర్లు. పిల్లదాని స్కూలు ఇంకా దగ్గర," అన్నాడు మెల్లగా.

"అందుకే రాసివ్వు. నాకు రిజిస్టరుతో పాటు ఒక మనిషి కావాలి."

"రాస్తే నా గతేంట్రా?"

"నిజం చెప్పినవాణ్ని చట్టం ఎందుకంటుంది? నీకేం కాదు బావా. నాదీ పూచీ."

బావ అతని కళ్లలోకి ఒక క్షణం చూశాడు. తర్వాత హెల్మెట్ తీసి పక్కన పెట్టి, బుద్ధిగా పరీక్ష రాసేవాడిలా కూచుని ఒక తెల్లకాగితం మీద రాశాడు. 'ఈ రీడింగ్ నేను చూడలేదు. చూడడానికి గోడ మీద గేజి లేదు. తప్పని తెలిసే రాశాను.' కింద తోక సాగిన సంతకం, రెండు చుక్కలు.

*

పది నలభై ఎనిమిది. అతను కంట్రోల్ రూమ్ కారిడార్ మలుపు తిరిగాడు. చంకలో రిజిస్టరు, చేతిలో అట్టపెట్టె, కోటు లోపల నోటీసు, దానికి జత చేసిన బావ కాగితం. కిటికీ దగ్గర పాదరసం నిలబడి ఉంది. ఆమెకు రెండు వైపులా ఇద్దరు గార్డులు.

"ఆ పుస్తకం ఇలా ఇచ్చేయండి," అంది నవ్వుతూ. "మీ బావగారి సంతకమున్న పుస్తకం మీకు మాత్రం ఎందుకు?"

బావ సంగతి అతను ఇక్కడ ఎవరికీ చెప్పలేదు. తొమ్మిది రోజుల కిందటి ఆర్డరు ఏ పైనుంచి వచ్చిందో ఇప్పుడర్థమైంది.

"ఆయన్ని ఈ షిఫ్టుకు వేయించింది మీరా?"

"మీ శాఖ తలుపుకు గడియ పడదటగా. మీరే వస్తారని మాకు ముందే తెలుసు. వచ్చేవాడి చేతులు ఇంట్లోవాళ్లతో కట్టేస్తే సుఖం."

"మరి మాకు ఉప్పందించడం దేనికి?"

"ఎవరో ఒకరు అందిస్తారు. నేనే అందిస్తే మీరు ఎప్పుడు, ఏ దారిన వస్తారో నా చేతిలో ఉంటుంది. పుస్తకం ఇవ్వండి. మీ బావ ఉద్యోగం ఉంటుంది, మీ అక్క ఇల్లు ఉంటుంది. రేపు మీకు ఇంకో మంచి కాగితం ఇస్తాను."

రేపు! తాళం తిరిగాక రేపటి కాగితం ఎవడిక్కావాలి?

పది యాభై నాలుగు. గార్డులతో కలబడితే ఆరు నిమిషాలూ అక్కడే అయిపోతాయి. రిజిస్టరులో ఒక్క బావ సంతకమే కాదు, వారానికోసారి తిరగేసి టిక్కు పెట్టిన మేనేజరు సంతకం ఉంది, దాని పైన డైరెక్టరు పొట్టి సంతకం ఉంది. కెమెరాలో పడింది మాత్రం ఒక్క పేజీ. గేటు దగ్గర ఆమెను ఆపించవచ్చులే అనుకున్నాడు. రెండుసార్లు లాగి చూడకుండా అతను వదిలేసిన తలుపు అదొక్కటే.

"తీసుకోండి," అన్నాడు, తల వేలాడేసి.

రిజిస్టరు రెండు చేతులా పట్టాల్సినంత పెద్దది. పేజీలు సరిచూడడానికి ఆమె తోలు ఫోల్డర్‌ను కిటికీ గట్టు మీద పెట్టింది. అతను అట్టపెట్టెను దాని పక్కనే పెట్టి, నుదురు తుడుచుకుంటూ గోడకు చేరగిలబడ్డాడు. గార్డులు రిజిస్టరులోకి తొంగి చూస్తున్నారు. అతను పెట్టె ఎత్తుకునేసరికి ఉపన్యాసం మీద మరో రెండు కాగితాలు చేరాయి.

"వీణ్ని గేటు దాకా సాగనంపండి," అని పాదరసం ఫోల్డర్ తీసుకుని హడావుడిగా వెళ్లిపోయింది.

నోటీసు డైరెక్టరు చేతికి అందాలని చట్టంలో ఉంది. ఎవరి చేత అందాలో లేదు.

కారిడార్‌లో టీవీ తెర మీద సభ కనిపిస్తోంది. పది యాభై తొమ్మిది. డైరెక్టరు కుడిచేత్తో తాళంచెవి రంధ్రంలో పెట్టి, కెమెరాల కోసం అలాగే పట్టుకుని, ఎడమచెయ్యి చాపాడు. ఫోల్డర్ చేతిలో పడింది. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"'అణు భద్రతా చట్టం ప్రకారం, బుద్ధిపూర్వకంగా తప్పుడు సమాచారం ఇచ్చినందుకు, ఈ కేంద్రాన్ని తక్షణమే ఆపివేయవలసిందిగా...'"

గొంతు బాగుంది, ఉచ్చారణ ఇంకా బాగుంది. ఆయన ఆగిపోయాడు గాని, ఆ పాటికి వాక్యమంతా బయటపడింది. గాజు గదుల్లోని అనువాదకులు తమ పని తాము చేశారు. పన్నెండు దేశాలూ ఆ వాక్యాన్ని ఎవరి భాషలో వాళ్లు ముక్క పోకుండా విన్నాయి. డైరెక్టరు చెయ్యి కంగారులో తాళాన్ని సగం తిప్పింది. పక్కనున్న కంట్రోల్ రూమ్ ఇంజనీరు, "ఆర్డరు ఆర్డరే సార్!" అంటూ ఆ చేతిని పట్టుకుని తాళం బయటికి లాగేశాడు.

గోడ గడియారం పదకొండు కొట్టింది. రియాక్టర్ చల్లగా ఉంది.

ఆ గందరగోళంలో పాదరసం రిజిస్టరు ఒళ్లో పెట్టుకుని కారులో మెయిన్ గేటు దాటింది. అతిథి కదా, కాపలావాళ్లు సెల్యూట్ కొట్టి మరీ పంపారు.

*

నెల తిరిగేసరికి ఎన్‌ఫోర్స్‌మెంట్ ముగిసింది. కేంద్రానికి 'ఇకపై జాగ్రత్త వహించాలి' అని సలహా లేఖ వెళ్లింది. డైరెక్టరు భద్రతా శిక్షణ కళాశాలకు ప్రిన్సిపాల్ అయ్యాడు. విదేశీ కంపెనీ పంపు పేరు మార్చింది. శిక్ష పడింది ఒక్కడికి. అయిదేళ్లు ఏ అణు కేంద్రంలోనూ అడుగు పెట్టకూడదు.

"మా బావ రాసివ్వకపోతే మీ నోటీసు చిత్తు కాగితం సార్!" చాదస్తం మొదటిసారి చీఫ్ ముందు గొంతు పెంచాడు.

"నాకు తెలియదా? కానీ ఉన్నది ఒక్క పేజీ, దాని మీద ఒక్క సంతకం. డైరెక్టరు ఎక్కడా ఏమీ రాసివ్వలేదు. 'తప్పని తెలిసే రాశాను' అని ఇంత శుభ్రంగా మీ బావ తప్ప ఎవరు రాసిచ్చారు చెప్పు?"

అతను పత్రిక మడిచి బల్ల మీద పడేశాడు. "'ప్రజల భద్రతకు ఏ దశలోనూ ముప్పు కలగలేదు' అని మన బోర్డే వేసింది. ఇది తప్పుడు సమాచారం కాదా? ఏ సెక్షన్ కిందికొస్తుంది సార్ ఇది?"

"అది సమాచారం కాదయ్యా," అన్నాడు చీఫ్ కిటికీలోంచి బయటికి చూస్తూ. "ప్రకటన."

నిషేధం కాగితం తానే ఇస్తానని అతను పట్టుబట్టి తీసుకెళ్లాడు. క్వార్టర్సు ఖాళీ చేస్తున్నారు. వరండాలో కట్టేసిన పరుపులు, గిన్నెల మూట, అట్టపెట్టె మీద మేనకోడలి స్కూలు బూట్లు. బావ ఎక్కడో వెల్డింగ్ పని ఉందంటే చూడ్డానికి వెళ్లాడు. అక్క చేతులు తుడుచుకుని వచ్చి, కాగితం నిలబడే చదివి, చూపించిన చోట సంతకం పెట్టింది. కూచోమనలేదు.

"నీకేం కాదు, నాదీ పూచీ అన్నావటగా ఆయనతో."

"అన్నానక్కా."

"ఏం చూసి అన్నావురా ఆ మాట?"

శత్రువులు ఎన్ని రకాలుగా అడిగినా జవాబు చెప్పడంలో అతనికి ఆర్నెల్ల శిక్షణ ఇచ్చారు. అక్క అడిగితే ఏం చెప్పాలో ఏ పాఠంలోనూ లేదు. ఆమె లోపలికి వెళ్లి మళ్లీ గిన్నెలు సర్దుకోసాగింది.

అతను జీపులో కూచుని రిపోర్టు ఫారం తీశాడు. చివరి గడిలో ఒక ప్రశ్న ఉంది, 'నోటీసు అందజేసేటప్పుడు చెప్పుకోదగ్గ సంఘటనలు ఏమైనా జరిగాయా?' పెన్ను చాలాసేపు ఆ గడి మీదే ఆగింది. తర్వాత అతను 'ఏమీ లేవు' అని రాసి, టైము వేసి, సంతకం పెట్టాడు.