గుమ్మిలో దాక్కున్న కవి

భర్త అమరేందర్ పక్కన కూర్చుని అపరాధ పరిశోధన కథ వినడమంత శిక్ష మరొకటి లేదని ఇందిరమ్మ గట్టి నమ్మకం. మొదటి శవం దొరకగానే "గా వకీలే చంపిండు" అంటాడు. కాసేపటికి "కాదు, వంటమనిషి" అంటాడు. సగం కథ అయ్యేసరికి ఊళ్లో అనుమానం తగలని ప్రాణి మిగలదు. తీరా హంతకుడు బయటపడ్డాక "నేను చెప్పలే?" అని మీసం దువ్వుకుంటాడు. రెవెన్యూ ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి మరి, ఫైలు ఎటు తిరిగినా తన సంతకం ఉండాలి.

ఆ ఆదివారం పొద్దున మాత్రం ఆమె అన్నీ ఓర్చుకుంది. ఎందుకంటే ఆ రోజు విడుదలైన కథ కోడలు కృతికది. హైదరాబాదులోని ఒక ఆడియో కంపెనీకి కృతిక వరుసగా కథలు రాసి, తనే చదువుతుంది. పాతకాలంలో నిజంగా బతికిన రచయితలే అందులో డిటెక్టివులు. ఈసారి డిటెక్టివు ఇందిరమ్మ తండ్రి, కవి రాజలింగం. నిజాం కాలంలో దొరల మీద ఆయన కట్టిన పాటలు కుల్చారం వైపు ముసలివాళ్లు ఇప్పటికీ పాడతారు. తుపాకికి రొమ్ము చూపిన కవి అంటారు.

ఈ కథ కోసం కృతిక అత్తగారిని వదల్లేదు. తాతయ్య ఎట్లా నడిచేవాడు, పాట ఎత్తుకునే ముందు ఎట్లా దగ్గేవాడు, అన్నీ అడిగింది. ఇందిరమ్మ అన్నీ చెప్పింది. ఒక్కటి తప్ప.

ఫోన్‌ను చక్కెర డబ్బాకు ఆనించి, నేల మీద గోరుచిక్కుడు పోసుకుని తుంచుతూ కూర్చుంది. కథలో, కోటలాంటి గడీలో దొర బావమరిది హత్య. నేరం కవి మీద పడింది. కోడలి గొంతులోంచి తండ్రి దగ్గు వినిపించగానే ఆమె చేతులు ఆగిపోయాయి. కృతిక పక్కనే నిలబడి అత్తగారి ముఖమే చూస్తోంది.

కథలో నిజాం పోలీసులు కవి ఇంటి వైపు వస్తున్నారు. భార్య తలుపు గడియ పెట్టింది. సరిగ్గా అప్పుడు అమరేందర్ తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు. నవ్వుకు పొట్ట అదురుతోంది.

నవ్వడానికి అక్కడేమీ లేదు. ఇందిరమ్మ వింతగా చూసింది.

తర్వాత వచ్చింది అసలు ఘట్టం. కవి గబగబా వడ్ల గుమ్మిలోకి దూరాడు. భార్య గుమ్మికి అడ్డంగా చీర ఉయ్యాల కట్టి, రుబ్బురోలు పొత్రానికి పాతగుడ్డ చుట్టి అందులో పడుకోబెట్టి జోల పాడింది. తలుపు తోసుకొచ్చిన పోలీసులతో, "మెల్లగ మాట్లాడుండ్రి సారూ, పిల్లగానికి జరం" అంది. వాళ్లు గొంతు తగ్గించి మాట్లాడుకున్న మాటల్లోనే గుమ్మిలోని కవికి హంతకుడి జాడ దొరికింది.

ఇందిరమ్మ ఫోన్ ఆపేసింది.

"ఏమైంది అత్తమ్మా? బాగ లేదా?"

"పొత్రం ముచ్చట నీకెవరు చెప్పిండ్రు?"

కృతిక తడబడింది. "మామయ్య చెప్పిండు. మీకు చెప్పనీకె సిగ్గయితుందట, మీరే ఆయనను నాకు చెప్పమన్నరట..."

ఆయన గుమ్మిలో దాక్కోవడమూ, ఆ జోలా నిజం. అప్పటికి ఇందిరమ్మ తల్లికి ఇంకా పిల్లలు లేరు. లేని బిడ్డకు పాడిన జోల అది. దవాఖానలో చివరి రోజుల్లో ఆమె కూతురి చెయ్యి పట్టుకుని చెప్పింది: "ఎవ్వరితోని అనకు బిడ్డా. ఆయనను చూసి నలుగురు నవ్వొద్దు." ఇందిరమ్మ ఆ మాట ఒకే ఒక్క మనిషితో చెప్పుకుంది. తల్లి పోయిన దుఃఖంలో, ఆ మనిషి భుజం మీద తల పెట్టి.

ఆమె భర్త వైపు తిరిగింది. "గుమ్మి రాకముందే మీకు నవ్వెట్ల వచ్చింది?"

"ఏదో యాదికొచ్చింది లే."

"ఏం యాదికొచ్చింది? చెప్పుండ్రి."

"గంత పరేషాన్ ఎందుకే? పాతకాలం ముచ్చట. జనానికి మస్తు నచ్చుతది."

"నచ్చేటట్లుంటే మీ నాయన ముచ్చటే చెప్పాల్సుండె గద?"

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. అమరేందర్ తువ్వాలు విసిరికొట్టాడు. "పెండ్లయిన కాడికెల్లి ఇంటున్న! 'మా నాయన గట్ల, మా నాయన గిట్ల' అని. తహసీల్దార్ ముందట నేను చేతులు కట్టుకున్ననని తెలిసి, చుట్టాల నడుమ ఏమన్నవ్? 'మా నాయనైతే తల వంచకపోవు' అన్నవ్. అప్పటికే నీకు గుమ్మి సంగతి ఎరుకే గద!"

ఇందిరమ్మ ఆ మాట అన్నది నిజమే.

"అవును, అన్న. గప్పుడే నా మొఖం మీద అడగకపోయిండ్రా? మా నాయన భయపడ్డడని నాకు బాధ లేదు. భయపడ్డడు, తెల్లారి లేచి మల్ల పాట కట్టిండు. నేను ఏడ్చుకుంట చెప్పిన మాటను మీరు ఇన్నేండ్లు దాచి, నా మీదికే తీసిండ్రు. ఇగ నుంచి కడుపుల మాట నేను ఎవరికి చెప్పుకోవాలె?"

కృతిక కళ్లు తుడుచుకుంటూ ఫోన్ అందుకుంది. "ఇప్పుడే తీసేయమంట అత్తమ్మా."

"నువ్వెందుకు ఏడుస్తవ్? నిన్ను గూడ మోసం జేసిండ్రు. మా అమ్మ గొంతు మంచిగ పట్టినవ్ బిడ్డా."

అంతలో ప్రహరీ అవతల నుంచి పక్కింటి సాబెరా కేక వేసింది. "ఇందిరక్కా! మీ నాయన కథ విన్న. అల్లా కసం, మీ అమ్మకు ఎంత హిమ్మత్ అక్కా! జోల కాడ నాకు ఏడుపాగలే."

ముందుగా తేరుకున్నది అమరేందరే. ముఖం వికసించింది. "ఇన్నవా? ఎవ్వరు నవ్వలే. మీ అమ్మను మెచ్చుకుంటున్నరు. మంచే అయింది గద!"

ఇందిరమ్మ కళ్లు నిండాయి. "మంచే అయింది. మా అమ్మ ధైర్యం ఊరికి తెలిసింది. గని మీరు అందుకోసం చెప్పిండ్రా?"

కోడలు అమరేందర్ వైపే చూస్తోంది. అతను కుర్చీలోంచి లేచి వచ్చి, భార్య ఎదురుగా నేల మీద, గోరుచిక్కుడు ముక్కల మధ్య కూర్చున్నాడు.

"లేదు ఇందిరా," అన్నాడు. "నలుగురు నవ్వాలనే చెప్పిన. కోడలికి అబద్ధం గూడ చెప్పిన. తప్పు నాదే."