తోవతెర

పడవలపేటలో ఇంటిచేతులు పిల్లలకు జడలు వేస్తూ, ముసలివాళ్లను స్నానాలకు లేవదీస్తున్న వేళ, పరీక్షాగారంలో ఎస్తేరు ముందున్న పలక నిండా ఎర్రగీతలు పడ్డాయి.

"మళ్లీ తోవల గోలేనా?" అన్నారు పైఅధికారి గంగాధర్రావు, టీ గ్లాసు దించకుండానే.

"అదేనండీ. రావాల్సిందొకటి, వచ్చిందొకటి. తోవల్లోనే తేడా."

ఇందులో వింతేమీ లేదు. పడవలపేటే కాదు, కొత్తరేవు ఊరంతా ప్రతి ఇంటి నట్టింటా నేలలో పాతిన ఉక్కుచేయి ఒకటి ఉంటుంది. ఆ చేతులకు ప్రతి ఉదయం కొత్త బుద్ధి ఎక్కుతుంది. మనుషులు రాసిన సూచనలను కూర్పరి అనే యంత్రం చేతులకు అర్థమయ్యే భాషలోకి మార్చి, ఖండికలుగా విడగొట్టి పంపుతుంది. ప్రతి ఖండికకూ ఒక తోవ ఉంటుంది. ఏ యంత్రంలో, ఏ అరలో, ఏ పని కోసం దాచారో చెప్పే చిరునామా అది. కూర్పరి రోజుకో యంత్రంలో కాపురం పెడుతుంది కాబట్టి తోవలో మొదటి ముక్క రోజూ మారుతుంది. పంపేముందు ఖండికలను సరిచూసే పరీక్షలకు ఆ సంగతి పట్టదు. నిన్నటి తోవ ఇవాళ కనబడకపోతే తప్పు, తప్పు అని గగ్గోలు పెడతాయి.

అందుకే తోవతెర కనిపెట్టారు. మారే ముక్క మీద తెర కప్పేస్తే పరీక్ష దాన్ని పట్టించుకోదు. కప్పాల్సింది యంత్రం పేరు మీద, అంతవరకే. కానీ కొలిచి కప్పే ఓపిక ఎవరికుంది? చివరి పేరొక్కటి మిగిల్చి తోవ మొత్తం కప్పేయడం పరీక్షాగారంలో పాతుకుపోయింది. ఎస్తేరుకు పని నేర్పినవాళ్లూ అలాగే చేశారు, వాళ్లకు నేర్పినవాళ్లూ అలాగే చేశారు. ఏనాడూ కొంప మునగలేదు. బద్ధకానికి పద్ధతి అని పేరు పెట్టుకోవడంలో మనల్ని మించినవాళ్లు లేరు.

"తెర వేసెయ్యమ్మా. అవతల జనం పనులాగిపోతాయి," అన్నారు గంగాధర్రావు.

ఎస్తేరు వేసేసింది. గీతలన్నీ పచ్చబడ్డాయి, ఖండికలు ఇళ్లకు వెళ్లిపోయాయి. ఆయన రెండో టీ చెప్పారు.

ఇళ్లలో ఉండే చేతి ఖండిక పేరు 'చేయి'. రేవులో పాత ఓడలను చీల్చే చేతి ఖండికకూ అదే పేరు. రెండూ ఒకే ఉక్కు, ఒకే పొడవు. ఎదురుగా ఉన్నది బిడ్డో ఇనపరేకో, ఎంత బలం వాడాలో చెప్పేది ఖండిక మాత్రమే. ఏ ఖండిక ఎవరిదో చెప్పేది తోవ మాత్రమే. ఆ ఉదయం కూర్పరి అరలు తారుమారు చేసింది. పరీక్షలు మొదటిసారిగా నిజం అరిచాయి. రోజూ అరిచేవాటి అరుపుకు విలువెక్కడిది?

కాసేపటికి పడవలపేట వైపు నుంచి ఇనుము చిరిగే చప్పుడు వచ్చింది. వెనకే మనుషుల అరుపులు.

ఎస్తేరు తెర ఎత్తి చూసింది. పడవలపేట ఇళ్ల అరలో ఓడకోత ఖండిక ఉంది. వెంటనే సరైన ఖండికను వెతికి పంపి, చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తింది. ఆమె తమ్ముడు దానియేలు ఆ పేటలోనే ఉన్నాడు. అమ్మానాన్నలు పోయాక ఆమెకు ఉన్నది వాడొక్కడే.

వీధి చివర అడుగుపెట్టగానే కాళ్లు ఆగిపోయాయి. చేతులు గోడలను ఓడ రేకుల్లా ఒలిచి పారేశాయి. గుమ్మాలతో పాటు గుమ్మాల్లో నిలబడ్డవాళ్లనూ పెరికేశాయి. ఒక తలుపు సందులో, తెగిన ఆడమనిషి చెయ్యి, గాజులతో సహా, ఇరుక్కుని ఉంది. ఎస్తేరు దాన్ని దాటి తమ్ముడి ఇంటి వైపు పరిగెత్తింది.

అప్పటికి ఉక్కుచేతులు మళ్లీ ఇంటిచేతులయ్యాయి. నెత్తుటి వేళ్లతోనే కూలిన కప్పులను ఎత్తి పట్టుకుని, కిందివాళ్లను కాపాడుతున్నాయి. ఎవరు నమ్ముతారు? గునపాలు, సమ్మెటలు అందుకున్న జనం కనబడ్డ చేతినల్లా విరగ్గొడుతున్నారు. ఒక ఇంట్లో చేయి విరగ్గానే అది మోస్తున్న దూలం పడింది. దాని కింద ముసలాయన కేక సగంలో తెగిపోయింది. అయినా సమ్మెటలు ఆగలేదు.

దానియేలు ఇంట్లో ఊడిపడ్డ శ్లాబును చేయి మోస్తూ ఉంది. కింద వాడు నడుం దాకా రాళ్లలో కూరుకుపోయాడు. పక్కింటి రత్తమ్మ ఒక్కతే గోళ్లు ఊడేలా రాళ్లు లాగుతోంది.

ఎదురింటి నూకరాజు గునపంతో వచ్చాడు. అతని చొక్కా మీది రక్తం అతనిది కాదు. ఎస్తేరు ఉక్కుచేతికి అడ్డంగా నిలబడింది.

"అడ్డు లెగమ్మా ఎస్తేరూ. ఇలాంటిదే నా మంగని నిలువునా చీల్చేసింది."

"బాబాయ్, నీకు దణ్ణం పెడతాను. తమ్ముణ్ణి మోస్తోంది అదే."

"నిన్నటిదాకా మా ఇంట్లోదీ మంచిదే! దీన్ని ఉంచితే ఇంకెవడి పెళ్లాన్ని తినేత్తాదో!"

గునపం లేచింది. తిలా పాపం తలా పిడికెడు అని పంచుకోవడానికి గంగాధర్రావు అక్కడ లేరు.

"తప్పు చేతిది కాదు బాబాయ్. పొద్దున్న పరీక్షలు అరిస్తే చూడకుండా తెర కప్పింది నేనే. మంగ పిన్నిని చంపింది నేనే. కొడితే నన్ను కొట్టు."

నూకరాజు ఆమె మొహంలోకి చూశాడు. నిజమేనని అతనికి తెలిసిపోయింది. గునపం అడ్డంగా తిరిగి ఆమె భుజం మీద పడింది. ఎముక విరిగింది. మోకాళ్లు వంగాయి.

శ్లాబు కదిలింది. కళ్లెదుట మనిషి పడబోతే అన్నీ వదిలి పట్టుకోవాలన్నది ఇంటిచేతికి అన్నిటికంటే ముందు రాసిన ధర్మం. తడబడే ముసలివాళ్ల కోసం ఎవరో దయతోనే రాశారు. ఇలాంటి రోజొకటి వస్తుందని వాళ్లు మాత్రం ఏం కలగన్నారు? రెండు ఉక్కువేళ్లు శ్లాబును వదిలి ఎస్తేరు వైపు చాచుకున్నాయి.

"పడకే అక్కా!" దానియేలు గొంతు చించుకున్నాడు.

ఆమె పళ్లు బిగించి లేచి నిలబడింది. వేళ్లు వెనక్కి వెళ్లాయి. రెండో దెబ్బ తొడ మీద పడింది. ఇక నిలబడటం తన వల్ల కాదని ఆమెకు అర్థమైంది.

"బాబాయ్, నేను పడితే అది వాణ్ణి వదిలేసి నన్ను పట్టుకుంటుంది. నువ్వు కొట్టు. వద్దనను. వాణ్ణి బయటికి లాగేదాకా నన్ను పడనివ్వకు, అంతే."

నూకరాజు గునపం పారేశాడు. పెద్దగా ఏడుస్తూ ఎడమచేత్తో ఆమె జుట్టు పిడికిట్లో పట్టి, గోడకు ఆనించి నిలబెట్టాడు. కుడిచేత్తో కొట్టడం మాత్రం ఆపలేదు. రత్తమ్మ రాళ్లు లాగేసి దానియేలు కాళ్లు బయటికి తీసేదాకా ఆ ఎడమ పిడికిలి సడలలేదు.