శనివారం రైలు

ఆ రొట్టెల ఫ్యాక్టరీలో మనుషులకు పేర్లు హాజరు పట్టీలో మాత్రమే ఉంటాయి. పిలిచేటప్పుడు పని పేరే. ఓవెన్ దగ్గర ఉండేవాడు ఓవెన్. పిండి కలిపేవాడు మిక్సర్. తయారైన రొట్టెను కోసి, వాసన చూసి, నమిలి, బయటికి పంపాలో వద్దో చెప్పే అమ్మాయి క్వాలిటీ.

ఓవెన్, మిక్సర్ రాత్రి షిఫ్టు. క్వాలిటీ పగటి షిఫ్టు. ఆమె వచ్చే వేళకు వాళ్లు ఇంటికి వెళ్తారు. మధ్యలో కాసేపు క్యాంటీన్‌లో ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు. వాళ్లకు అది రాత్రి భోజనం. ఆమెకు పొద్దుటి కాఫీ.

ఆమె చేరిన మొదటి రోజే గొడవైంది. ఆమె ఒక ట్రాలీ రొట్టెలు వెనక్కి పంపింది. ఓవెన్ ఏప్రన్ విప్పకుండానే వచ్చాడు.

“ఏమైందండీ వీటికి?”

“అడుగు మాడింది.”

“ఎక్కడ?”

ఆమె ఒకటి తిరగేసి చూపించింది.

“ఇది మాడటం కాదండీ. రంగు.”

“అయితే తినండి.”

తిన్నాడు. చాలాసేపు నమిలాడు. మింగడానికి నీళ్లు అడిగాడు.

“రంగు బాగుందా?” అంది.

మిక్సర్ ఈ సంగతి ఫ్యాక్టరీ అంతా చాటాడు. ఓవెన్ మాత్రం మర్నాటి నుంచి షిఫ్టు అయ్యాక ఇంటికి తొందరపడటం మానేశాడు. చలికాలం పోయేలోగా వాళ్ల మధ్య ‘మీరు’ పోయి ‘నువ్వు’ వచ్చింది. అంతకు మించి ఏమీ జరగలేదు. అతను నోరు విప్పితే కదా.

ఇంతలో నోటీసు బోర్డులో ఒక కాగితం పడింది. వచ్చే నెల నుంచి క్వాలిటీని వేరే ఊళ్లో కొత్త యూనిట్‌కి మారుస్తున్నారు. ఆ రోజు ఓవెన్ భోజనం ముట్టలేదు. అతని ప్లేటు కూడా మిక్సరే ఖాళీ చేసి, మూతి తుడుచుకుని, ఒక మాట అన్నాడు.

“మనం ముగ్గురం ఓసారి సిటీకి పోదాం. తిందాం, తిరుగుదాం. రాత్రంతా మేలుకునే ఉద్యోగం చేస్తున్నాం గానీ, నైట్‌లైఫ్ అంటే నాకు తెలిసింది ఈస్ట్ వాసనొక్కటే.”

“నేను ప్లాన్ చేస్తా,” అంది క్వాలిటీ వెంటనే.

“నువ్వా? నువ్వు ప్లాన్ చేస్తే సగం హోటళ్లు వెనక్కి పంపేస్తావ్.”

“మిగతా సగంలో తిందాం. నీ ప్లాన్‌లో పోతే ముగ్గురం ఆస్పత్రిలో తింటాం.”

వారం పాటు క్యాంటీన్ బల్ల మీద అదే చర్చ. పొద్దున మార్కెట్ వెనక, ఎర్ర గొడుగుల కింద గుడ్లూ కాల్చిన రొట్టే అమ్మే సందు. మధ్యాహ్నం రేవు దగ్గర చేపలు. చీకటి పడ్డాక నూడుల్స్ వీధి. ఆ తర్వాత ఒక మేడ మీద పాటలు.

“పాటలు ఎన్నింటికి?” అన్నాడు ఓవెన్.

“పదింటికి మొదలట.”

“పది అంటే మాకు తెల్లవారినట్టు.”

“నాకు అప్పటికి సగం నిద్ర అయిపోతుంది. పర్లేదు, మధ్యాహ్నం ఓ కునుకు తీస్తా. డాన్స్ కూడా ఉంటుందట, వచ్చా నీకు?”

“ట్రాలీ తోయడం వచ్చు.”

“అదే చెయ్. జనం పక్కకి తప్పుకుంటారు.”

ఇక మిగిలింది ఆమె ఇంట్లో ఒప్పుకోవడం. ఆమె తల్లి బస్ కండక్టర్. భర్త పోయాక ఒక్కతే కూతుర్ని పెంచింది. రెండు రోజులు ఆలోచించి, ఒక షరతు పెట్టింది.

“ఆ ఓవెన్ అబ్బాయి ఎవరో, అతని నంబరివ్వు. నీ పూచీ అతనిది.”

ఓవెన్‌కు ఇది తెలిసి భయమూ వేసింది, సంతోషమూ వేసింది. మిక్సర్‌తో అన్నాడు: “ఆ మేడ మీద చెప్పేస్తాన్రా. ఈసారి చెప్పకపోతే ఇక లేదు.”

“ఈ మాట చలిజ్వరంలా ప్రతి సోమవారం నీకొస్తుంది,” అన్నాడు మిక్సర్.

ఓవెన్ తన ఫోన్‌లో రైలు టికెట్లు తీసి, ఆమెది ఆమెకు పంపాడు. శనివారం, రాత్రి పన్నెండు నలభై రైలు.

“శనివారమేగా?” అంది ఆమె.

“శనివారమే.”

ఇద్దరూ ఒకే మాట అన్నారు. ఇద్దరి శనివారం ఒకటి కాదు.

రాత్రి షిఫ్టువాళ్ల లెక్క వేరు. శుక్రవారం రాత్రి పనిలోకి దిగితే తెల్లారేదాకా వాళ్లకు శుక్రవారమే. అర్ధరాత్రి పన్నెండు దాటినా హాజరు పట్టీలో తేదీ మారదు. కాబట్టి శనివారం పన్నెండు నలభై అంటే, సెలవు దొరికే శనివారం రాత్రి, భోంచేసి తీరిగ్గా వెళ్లి ఎక్కే రైలు. ఓవెన్‌కు గానీ మిక్సర్‌కు గానీ ఇంకో అర్థం తోచలేదు. ఆరేళ్లుగా వాళ్లు అలాగే బతుకుతున్నారు.

క్వాలిటీకి మాత్రం, లోకానికంతటికీ మల్లే, రోజు అర్ధరాత్రి మారుతుంది. ఆ రైలు శుక్రవారం రాత్రి గడవగానే వచ్చేది.

శుక్రవారం పొద్దున ఆమె లోపలికి వస్తుంటే వాళ్లు బయటికి వెళ్తున్నారు. గేటు దగ్గర లారీ అడ్డంగా ఉంది. మాట్లాడుకునే వీలు లేదు.

“ట్రైన్‌లో కలుద్దాం!” అని అరిచింది. ఆమె ఎక్కేది తర్వాతి స్టేషన్లో, వాళ్లింటి దగ్గర.

“ట్రైన్‌లోనే!” అని అరిచాడు.

శనివారం తెల్లారి షిఫ్టు ముగిసింది. పనిచేసే చోటికి ఫోన్లు తేకూడదు కాబట్టి అవి రాత్రంతా లాకర్‌లో ఉంటాయి. ఓవెన్ ఫోన్ తీశాడు. ఆమె నుంచి వచ్చిన మిస్డ్ కాల్స్ వరుస స్క్రీన్ అడుగుదాకా ఉంది. కింద మెసేజీలు.

‘ఏ బోగీలో ఉన్నారు?’

‘మీ సీట్లు ఖాళీగా ఉన్నాయి. ఆటలాడకండి.’

‘రైలు కదిలింది.’

‘ఇది జోక్ అయితే బాలేదు.’

‘దిగాను. గొడుగుల సందుకి వెళ్తున్నా. ఛార్జింగ్ అయిపోతోంది.’

ఓవెన్ లాకర్ల ముందు బెంచీ మీద కూర్చుండిపోయాడు. మిక్సర్ ఫోన్ లాక్కుని చదివాడు. తర్వాత టికెట్ తెరిచి తేదీ చూశాడు. తర్వాత గోడ మీది క్యాలెండర్ చూశాడు. మళ్లీ టికెట్ చూశాడు.

“ఒరేయ్,” అన్నాడు. “రైలు వెళ్లిపోయింది. మనం రొట్టెలు కాలుస్తుండగా వెళ్లిపోయింది.”

ఓవెన్ ఆమెకు ఫోన్ చేశాడు. స్విచాఫ్. మళ్లీ చేశాడు. స్విచాఫ్. మూడోసారి చేయబోతుంటే ఫోన్ మోగింది. తెరమీద ‘క్వాలిటీ అమ్మగారు’.

“ఎత్తకు,” అన్నాడు మిక్సర్.

ఎత్తాడు.

“బాబూ, నేను. మా అమ్మాయికి ఓసారి ఫోనివ్వు. దానిది స్విచాఫ్ వస్తోంది.”

మిక్సర్ రెండు చేతులూ జోడించి, నిద్రపోతోందని చెప్పమన్నట్టు చెంప కింద పెట్టుకున్నాడు. ఓవెన్ అతన్ని చూశాడు.

“ఆంటీ, మీ అమ్మాయి నా దగ్గర లేదు. నేను రైలెక్కలేదు. తను ఒక్కతే వెళ్లింది. తప్పు నాది.”

అవతల తలుపుకు తాళం వేసిన చప్పుడు.

“ఎక్కడున్నావ్?”

“ఫ్యాక్టరీలో.”

“గేటు దగ్గరికి రా. అక్కణ్నుంచి కదిలావో, ఊరుకోను.”

ఆమె ఆటోలో వచ్చింది. యూనిఫాం మీదే ఉంది, డ్యూటీకి బయల్దేరుతూ ఆగిపోయింది. ఇద్దర్నీ పైనుంచి కిందిదాకా చూసింది. ఇద్దరి జుట్టులోనూ పిండి ఉంది.

“ఎక్కండి,” అంది. అంతే.

డిపోలో సిటీ బస్సు కదలబోతోంది. ఆమెను చూసి కండక్టర్ లేచి నిలబడ్డాడు. ఆమె కిటికీ పక్కన కూర్చుంది. ఓవెన్‌ను తన పక్కన కూర్చోమంది. మిక్సర్ వెనక సీట్లో కూర్చుని, బస్సు ఊరు దాటేలోగా నిద్రపోయాడు. ఓవెన్‌కు ఆ అదృష్టం దక్కలేదు.

“ఇప్పుడు చెప్పు. ఎందుకెక్కలేదు?”

షిఫ్టు లెక్కంతా చెప్పాడు. చెప్తుంటే తనకే అది మతిలేని మాటలా వినిపించింది. ఆమె కిటికీలోంచి చూస్తూ విన్నది. వాన మొదలైంది. అద్దం మూసింది. చాలా దూరం పోయాక అంది.

“మా డిపోలోనూ అంతే. రాత్రి బయల్దేరిన బస్సు మర్నాడు మధ్యాహ్నం తిరిగొచ్చినా నిన్నటి డ్యూటీయే. ఆ లెక్కలో పడి నా పెళ్లిరోజు రెండుసార్లు మర్చిపోయాను.”

ఓవెన్ మొదటిసారి ఊపిరి పీల్చుకున్నాడు.

“సంతోషపడకు. కోపం తగ్గలేదు,” అంది.

అప్పుడు ఆమె ఫోన్ మోగింది. తెలియని నంబరు. ఎత్తి, చెవి దగ్గర పెట్టుకుని, ఒక్కసారి కళ్లు మూసుకుంది.

“ఎక్కడే నువ్వు?”

కూతురి గొంతు బయటికి వినిపిస్తోంది. ఓవెన్ సీటు అంచుకు జరిగాడు.

“బాగానే ఉన్నామమ్మా. ఫోన్ చచ్చిపోయింది, ఇక్కడ కొట్టువాళ్లది అడిగా. నీ నంబరొక్కటే నోటికొచ్చు కదా.”

“వాళ్లేరి?”

“ఇక్కడే ఉన్నారు. అందరం కలిసే ఉన్నాం. ఓవెన్ కాఫీ తేవడానికి వెళ్లాడు. చాలా జాగ్రత్తగా చూసుకుంటున్నాడమ్మా, నువ్వేం కంగారుపడకు.”

తల్లి తల తిప్పి పక్కనున్నవాణ్ని చూసింది. అతని నోరు తెరుచుకునే ఉంది.

“అలాగా,” అంది. “పాపం, మంచి కుర్రాడు. ఎక్కడున్నారు?”

“గొడుగుల సందులో.”

“అక్కడే ఉండండి.” ఫోన్ పెట్టేసింది.

“మా అమ్మాయి చెప్తోంది, నువ్వు కాఫీ తేవడానికి వెళ్లావట.”

“విన్నానాంటీ.”

“పుట్టి బుద్ధెరిగాక అది నాకు అబద్ధం చెప్పలేదు. ఇప్పుడు నీ మీద మాట రాకూడదని చెప్పింది. రాత్రంతా ఒక్కతే పడి ఉండి, పొద్దున్నే నిన్ను వెనకేసుకొస్తోంది.” గొంతు తగ్గించింది. “నువ్వేమవుతావ్ బాబూ దానికి?”

“ఏమీ కానాంటీ.”

“కానివాడికి ఎందుకు చెప్తుంది?”

బస్సు ఎక్కడో ఆగింది. ఎవరో దిగారు. ఎవరో గొడుగు దులుపుకుంటూ ఎక్కారు. తలుపు మూసుకుంది.

“తనకి తెలియదు,” అన్నాడు ఓవెన్. “నాకు మీ అమ్మాయంటే ఇష్టం. ఈ ట్రిప్పులో చెబుదామనుకున్నా. ఇప్పుడు తను నా మొహం చూస్తుందో లేదో.”

ఆమె బ్యాగులోంచి నీళ్ల సీసా తీసి అతనికిచ్చింది.

సిటీలో వాన వెలిసింది. గొడుగుల సందు జనంతో కిక్కిరిసి ఉంది. క్వాలిటీ చివరి కొట్టు బల్ల దగ్గర, గోడవైపు కూర్చుని ఉంది. ముందు ఓవెన్ కనబడ్డాడు. లేచి నిలబడింది. కోపంతో ఏదో అనబోయింది. అతని వెనక తల్లి కనబడింది. అనబోయిన మాట నోట్లోనే ఉండిపోయింది.

“అమ్మా?”

“కాఫీ తెచ్చాడా?” అంది తల్లి.

క్వాలిటీ కూర్చుంది. అతన్ని చూసింది, తల్లిని చూసింది, మళ్లీ అతన్ని చూసింది. “నేను ఫోన్ చేసినప్పుడు...”

“నా పక్కనే ఉన్నాడు. అంతా విన్నాడు.”

ఆమె రెండు చేతులతో మొహం కప్పుకుంది. మిక్సర్ మర్యాదగా వేరేవైపు తిరిగి గుడ్లు చెప్పాడు. అందరికీ ప్లేట్లు వచ్చాయి. ఓవెన్ నిలబడే జరిగింది చెప్పాడు, శనివారం లెక్కతో సహా. ఆమె కప్పుకున్న చేతులు తీయకుండానే విన్నది. మధ్యలో ఆమె భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకున్నాడు. నవ్వుతోంది.

“ఆరేళ్లుగా క్యాలెండర్ చూడలేదా మీరు?”

“చూస్తాం. మాది ఆలస్యంగా మారుతుంది,” అన్నాడు మిక్సర్.

“ముందు కూర్చోండి, తినండి,” అంది తల్లి. ఓవెన్ కూర్చుని ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాక, ఆవిడే అంది: “అన్నట్టు, ఈ అబ్బాయికి నువ్వంటే ఇష్టమట. బస్సులో చెప్పాడు. ఉప్పు ఇటివ్వు.”

ఎవరూ ఉప్పు ఇవ్వలేదు.

“ఎవరికి చెప్పావ్?” అంది క్వాలిటీ.

“మీ అమ్మగారికి.”

“నాకంటే ముందా?”

“అడిగారు మరి.”

“అడిగితే చెప్పేస్తావా? అయిదు నెలలు నా ఎదురుగా కూర్చుని అన్నం తిన్నావ్. నేను అడగలేదనా?”

“మీ అమ్మగారు అడిగినట్టు నువ్వు అడగలేదు.”

“అది నిజం,” అన్నాడు మిక్సర్ వెనక్కి తిరగకుండా.

“సరే. ఇప్పుడు నాకు చెప్పు.”

“ఇక్కడా?”

“ఇక్కడే.”

చెప్పాడు. ఒక్క వాక్యం. కొట్టువాడు గిన్నె గీరుతున్న చప్పుడులో సగం పోయింది. మిగిలిన సగం చాలింది. ఆమె తల వంచుకుని ప్లేటులో రొట్టెను ముక్కలు చేస్తూ కూర్చుంది.

తల్లి గొంతు మారింది. “ఒక సంగతి చెప్పవే. సీట్లు ఖాళీగా ఉన్నాయని ఎక్కగానే చూశావు. రైలు అక్కడ కాసేపు ఆగుతుంది కదా. దిగి ఇంటికి రావచ్చుగా. ఎందుకు దిగలేదు?”

ఆమె ప్లేటులో మిగిలిన రొట్టె కూడా ముక్కలు చేసింది.

“దిగుదామనే తలుపు దాకా వెళ్లా. కానీ ఇతను పరిగెత్తుకొచ్చి వేరే బోగీలో ఎక్కి ఉంటే? నేను దిగిపోతే, పాపం, ఒక్కడే వెళ్లిపోతాడు కదా అనిపించింది. ఇతన్ని ఒక్కణ్నే పంపడం నా వల్ల కాలేదమ్మా.”

అని, ఎంతో కష్టపడి తలెత్తి, అతనివైపు చూసింది.

ఓవెన్ గోడకు తల ఆన్చి నిద్రపోతున్నాడు. చేతిలో రొట్టె ముక్క అలాగే ఉంది.

ఆమె కళ్లు పెద్దవయ్యాయి. “విన్నాడా?”

మిక్సర్ వంగి చూశాడు. “లేదు. చెప్పేశాక బరువు దిగిపోయింది. రాత్రంతా నిలబడ్డాడు కదా. ఆగు, లేపుతా.”

“లేపకు,” అంది. అతని వేళ్ల మధ్య నుంచి రొట్టె ముక్క మెల్లగా తీసి ప్లేటులో పెట్టింది. “నిద్రపోనీ. లేచాక మళ్లీ చెప్తా.”

“అందాకా నేను బయట నిలబడతాలే,” అంది తల్లి, లేస్తూ.

“ఎందుకమ్మా?”

“రెండోసారి నేను వినాలా?”