డెబ్బై మూడో డ్రమ్ము

ఉదయం 8:40. తాటిపాక శివారులోని కెమికల్ గోడౌన్.

స్కానర్ చివరిసారి బీప్ మంది. స్క్రీన్ మీద ఎర్ర అక్షరాలు. నూట ఇరవైలో నూట పందొమ్మిది. డెబ్బై మూడో నంబరు డ్రమ్ము లేదు.

పోయింది ఖాళీ డ్రమ్మే. అయినా మేనేజర్ ధర్మరాజు మొహంలో నెత్తురు చుక్క లేదు.

ఆ డ్రమ్ముల్లో వచ్చే పొడి జర్మనీలో తయారవుతుంది. సింగపూర్‌లో ఓడ మారుతుంది. విశాఖ రేవులో దిగి ఈ గోడౌన్‌కి వస్తుంది. ఇక్కడి నుంచి ఆయిల్ బావులకి వెళ్తుంది. పైపుల్లో నాచు పట్టకుండా వేసే మందు అది. ఖాళీ డ్రమ్ములన్నీ చెన్నై పంపితే అక్కడ ప్రత్యేకమైన కొలిమిలో కాల్చేస్తారు. ఈ నెల నుంచి కొత్త రూలు. ప్రతి ఖాళీ డ్రమ్ము బార్‌కోడూ స్కాన్ కావాలి. ఒక్కటి తగ్గినా జర్మనీ వాళ్ళు తర్వాతి కంటైనర్ ఆపేస్తారు.

ఆ తొలి స్కానింగ్ చూడడానికే ఇన్వెస్టిగేటర్ దుర్గాదేవి వైజాగ్ నుంచి వచ్చింది. పదేళ్ళు పోలీసు శాఖలో పనిచేసింది. ఇప్పుడు ఈ సరుకుకి ఇన్స్యూరెన్స్ ఇచ్చే కంపెనీలో ఉంది.

"ఆ పొడి ఎంత ప్రమాదం?"

ధర్మరాజు గొంతు తగ్గించాడు. "డ్రమ్ము గోడలకి అంటుకున్నది చాలండి మేడం గారూ. తాగే నీళ్ళలో కలిస్తే పెద్దాళ్ళకి కడుపులో పుళ్ళు. పసిపిల్లలైతే..."



"కడిగితే?"

"సబ్బుతో పోదండి."

కొత్తగా ఉన్న నీలం డ్రమ్ము. వెడల్పు మూతి. గట్టి మూత. తీసుకెళ్ళినవాళ్ళు అందులో ఏం పోస్తారో దుర్గాదేవికి తెలుసు.

8:55. వాచ్‌మన్ సీమోనుని పిలిచింది. అరవై రెండేళ్ళ మనిషి. చేతిలో గుడ్డ సంచి.

"రాత్రి డ్యూటీ నీదేనా?"

"ఆయ్. నాదేనండి."

"ఆ సంచి దులుపు."

సీమోను కదలలేదు. పనివాళ్ళంతా చూస్తున్నారు.

"దులపమన్నాను!"

టిఫిన్ డబ్బా, తువ్వాలు, బీపీ మాత్రలు నేలమీద పడ్డాయి. ఊడదీసిన బార్‌కోడ్ స్టిక్కరు దొరుకుతుందేమోనని ఆమె ఆశ. దొరకలేదు.

"అంత డ్రమ్మూ సంచిలో పడుద్దేంటండీ!" అంది లేబుళ్ళు అంటించే జ్ఞానమ్మ. ఎవరో కిసుక్కున నవ్వారు. సీమోను మాత్రలు ఏరుకున్నాడు. తల ఎత్తలేదు.

9:10. గోడౌన్‌లో పనిచేసే తొమ్మిది మంది ఆడవాళ్ళూ వరసగా నిలబడ్డారు.

"డ్రమ్ము దొంగిలించింది ఎవరు?"

"నేను కాదండి."

"నాకు తెలీదండి."

"మా ఇంటా వంటా లేదండి దొంగతనం," అంది జ్ఞానమ్మ.

ఆరో మనిషి కళ్యాణి. పాతికేళ్ళు ఉండవు. పొట్ట మీద చెయ్యి అదిమిపెట్టుకుంది. పెదాలు ఎండిపోయి ఉన్నాయి.

"దొంగతనం నేను చెయ్యలేదండి."

సూటిగా చూస్తూ చెప్పింది. పదేళ్ళ పోలీసు అనుభవం ఇది అబద్ధం కాదంది.

"ఒంట్లో బాలేదా?"

"పొద్దున్న ఏం తినలేదండి. అంతేనండి."

దుర్గాదేవి ఏడో మనిషి దగ్గరికి జరిగింది.

9:30. ధర్మరాజు పరుగున వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"చేత్తో లెక్కెట్టేనండి! నూట ఇరవై ఉన్నాయండి. ఒకదానికి స్టిక్కరు ఊడిపోయింది. అదేనండి డెబ్బై మూడు. ఇంక క్లోజ్ చేసేద్దామండి."

దుర్గాదేవి స్టిక్కరు లేని డ్రమ్ము దగ్గరికి వెళ్ళింది. టార్చ్ వెలిగించి లోపలికి వంగింది. ఒక్క నిమిషం. తర్వాత అంచు కింద వేలితో తడిమింది.

"అటెండెన్స్ రిజిస్టర్ ఇవ్వండి. అడ్రసులు కూడా కావాలి."

9:42. కళ్యాణిని గోడౌన్ వెనక్కి ఒంటరిగా పిలిచింది.

"నిన్ను దొంగ అనడానికి పిలవలేదమ్మా. ఆ డ్రమ్ములో విషం ఉంది. మీ ఇంట్లో ఉందా?"

కళ్యాణి నోరు తెరిచింది. 

"విషవాండీ? సబ్బు పొడి లాంటిదేనన్నారు కదండీ మేనేజరుగారు!"

"నీళ్ళు పట్టారా?"

"ట్యాంకరు పదింటికి వస్తాదండి. మా అత్తగారు పట్టేస్తారండి. మా పిల్లోడు పండుకి పాలు కలిపేది ఆ నీళ్ళతోనేనండి!"

కళ్యాణి ఇంటికి ఫోన్ చేసింది. మోగింది. ఎవరూ ఎత్తలేదు.

9:47. కారు గేటు దాటింది. దారిలో కళ్యాణి మళ్ళీ మళ్ళీ చేస్తూనే ఉంది. అవతల రింగు మోగుతూనే ఉంది.

10:16. సఖినేటిపల్లి దాటాక, ఉప్పు బోర్లు తప్ప మరో నీరు లేని వీధి. ట్యాంకరు అప్పుడే కదులుతోంది. గుమ్మం ముందు నీలం డ్రమ్ము. నిండా నీళ్ళు. ఓ పెద్దావిడ చెంబు ముంచుతోంది. చంకలో ఏడుస్తున్న పిల్లాడు.

దుర్గాదేవి ఒక్క పరుగున వెళ్ళి డ్రమ్ముని తోసేసింది. నీళ్ళు వీధంతా పారాయి.

"ఎవరమ్మా నువ్వు? మతిపోయిందా? వారానికోసారి వచ్చే నీళ్ళమ్మా!"

"అత్తా! పండు తాగేడా? పాలు పట్టేవా?"

"ఇంకా లేదే. ఇప్పుడే నీళ్ళు కాచుదామని..."

కళ్యాణి పిల్లాణ్ణి లాక్కుని గుండెకి హత్తుకుంది. మరుక్షణం అత్తగారి చేతికిచ్చేసి, గోడ పట్టుకుని వాంతి చేసుకుంది. అందులో ఎర్రటి జీర.

దుర్గాదేవికి అప్పుడు అర్థమైంది.

"నువ్వు తాగావా?"

"రాత్రి రెండు బిందెలు పోసి చూసేనండి. సబ్బెట్టి తోమేకేనండి. పిల్లోడికి పట్టే ముందు నేను తాగి చూడాలి కదండీ."

"మరి పొద్దున్న నా ముందు నిలబడి చెప్పలేదేం?"

"మీరు దొంగెవరని అడిగేరండి. మా పాత నీలం డ్రమ్ము చిల్లు పడితే అతుకేసి పట్టుకెళ్ళి, అక్కడెట్టి, ఇది తెచ్చుకున్నానండి. ఖాళీకి ఖాళీ ఇచ్చేను కదండీ. దొంగతనం ఎలా అవుద్దండీ?" ఆమె కొంగుతో నోరు తుడుచుకుంది. "మా ఇంట్లో నీళ్ళకి ఓ మంచి డ్రమ్ము కూడా లేదని... అందరి ముందూ ఏం చెప్పుకోనండి?"

1:30. రాజోలు ఆసుపత్రి. ప్రాణానికి భయం లేదు, మూడు రోజులు ఉంచాలి అన్నాడు డాక్టరు. ఇంకో పూట ఆలస్యమైతే వేరేగా ఉండేదన్నాడు. దుర్గాదేవి అతని కళ్ళలోకి చూడలేకపోయింది.

మధ్యాహ్నం 3:00. గోడౌన్. మళ్ళీ అందరూ నిలబడ్డారు. ఈసారి వరసలో కాదు.

"కళ్యాణి అని ఎలా కనిపెట్టేరండీ?" జ్ఞానమ్మ అడిగింది.

"లెక్క సరిపోయింది కదా అని ఎవరూ డ్రమ్ము లోపల చూడలేదు. పొడి మాత్రమే పోసే డ్రమ్ములో నీటి చార ఉండదు. దానికి లోపల చుట్టూ, బోరు నీళ్ళు నిలవుంటే పట్టే తెల్లటి ఉప్పు చార ఉంది. అంచు కింద ఓ బొట్టుబిళ్ళ అంటించి ఉంది. మొహం కడుక్కునేటప్పుడు తీసి పెట్టుకున్నది. అది ఇంట్లో వాడిన డ్రమ్ము. రిజిస్టర్‌లో చూస్తే, మీలో ఉప్పు నీళ్ళ వీధి నుంచి వచ్చేది ఒక్క కళ్యాణే."

సీమోను ముందుకొచ్చాడు.

"నిన్న సాయంత్రం ఆ అమ్మాయి ట్రాలీ ఆటోలో ఒకటి తెచ్చి ఒకటి పట్టుకెళ్ళిందండి. నేను చూసేను. తప్పనిపించలేదండి."

"మరి నాకు చెప్పలేదేం?"

"మీరు సంచి దులపమన్నారండి. ఇంకేం అడగలేదండి."

 దాదాపు గంటసేపు వెతికింది ఒక్క మాటలో దొరికేది.

"తప్పు నాదండి, సీమోను గారూ," అంది. అందరికీ వినపడేలా అంది. "దొంగ ఎవరని అడిగాను. డ్రమ్ము ఎక్కడుందని అడగాల్సింది. విషం తాగిన మనిషి ఎదురుగా నిలబడితే దొంగ కాదని వదిలేశాను."

తర్వాత ధర్మరాజు వైపు తిరిగింది. "లేబుల్ చదవండి. తెలుగులో. గట్టిగా."

"చెబితే పనిలోకి రారని అండి..."

"చదవండి."

ధర్మరాజు లేబుల్ కాగితం తీసి చదివాడు.  మింగితే ప్రాణాపాయం. ఖాళీ డ్రమ్ములో తిండి గానీ నీరు గానీ ఉంచరాదు. ఏ విధంగా కడిగినా ఇంటి వాడకానికి పనికిరాదు.

కాగితం దించాడు. 

అప్పుడు జ్ఞానమ్మ చెయ్యి పైకి లేచింది. నెమ్మదిగా, భుజం దాకానే.

"అండీ... మా ఇంట్లో ఓటుందండి. పోయిన లోడులో మార్చుకున్నాను. బియ్యం పోసుకున్నామండి."

వెనక నుంచి ఇంకో చెయ్యి లేచింది. తర్వాత ఇంకోటి. నాలుగోది సీమోనుది.

స్కానర్ రాక ముందు పంపిన ప్రతి లోడులోనూ ఖాళీకి ఖాళీ చేరి లెక్క సరిపోయింది.

దుర్గాదేవి నోట్‌బుక్ తీసింది. పేర్లు అడగలేదు.

"ఇల్లు ఎక్కడ?" అని మాత్రం అడిగింది.